నీ బదులు ఎవరున్నారు?

హోస్ట్: అందరికీ నమస్కారం. ఎంబీబీఎస్ చివర హౌస్ సర్జన్సీ అయిపోయింది, పైచదువుకి నీట్ పీజీ పరీక్ష రాసేశాను, ర్యాంకు కూడా వచ్చేసింది. ఎంతని మాత్రం అడక్కండి, ఆ అడిగేవాళ్లు మా ఇంట్లోనే బోలెడుమంది ఉన్నారు. ఇప్పుడు ఏ బ్రాంచి, ఏ కాలేజీ కావాలో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. ఆలిండియా కోటాకి ఒక లిస్టు, విజయవాడ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కి ఇంకో లిస్టు. పొద్దున రాయడం, రాత్రికి చించెయ్యడం. అందుకని ఈసారి మా కాలేజీ సీనియర్ అక్కని పిలిచాను. మత్తు డాక్టర్. గోదావరి జిల్లాల్లో ఒక ఊళ్లో పనిచేస్తున్నారు. పేరు చెప్పొద్దన్నారు, ఆస్పత్రి పేరు అసలే వద్దన్నారు. అక్కా, నమస్తే.

అక్క: నమస్తే. ఇవాళ నాకు డ్యూటీ లేదు. ఫోన్ లోపలి గదిలో పెట్టి వచ్చాను. నిదానంగానే మాట్లాడుకోవచ్చు.

హోస్ట్: అయితే సూటిగా అడిగేస్తాను. ఏ బ్రాంచి తీసుకుంటే మనిషి మనిషిలా బతకొచ్చు?

అక్క: (నవ్వు) మా బ్యాచ్‌లో మేమూ ఇదే అడిగాం. అప్పుడొక సీనియర్ "రోడ్డెక్కండి చాలు" అన్నాడు. అమెరికాలో వాడే మాట అది. రేడియాలజీ అంటే స్కానింగులు, ఆఫ్తాల్మాలజీ అంటే కళ్లు, అనస్థీషియా అంటే మత్తు, డెర్మటాలజీ అంటే చర్మం. ఇంగ్లిషులో ఆ నాలుగింటి మొదటి అక్షరాలు కలిపితే రోడ్ అవుతుంది. ఆ బ్రాంచిలు తీసుకున్నవాళ్లు సాయంత్రానికి ఇంటికి చేరతారని పేరు. సరే, నేనూ ఎక్కాను. మూడో అక్షరం నాది. ఎక్కాక తెలిసింది, ఆ రోడ్డు అమెరికావాళ్లు వాళ్ల ఊరికి వేసుకున్నారని.

హోస్ట్: అంటే అనస్థీషియాలో ప్రశాంతత లేదంటారా?

అక్క: ఉండటమూ చూశాను, లేకపోవడమూ చూశాను. పీజీ అయ్యాక ఐదేళ్లు కాల్స్ మీద తిరిగాను. ఊళ్లో చిన్నాపెద్దా కలిపి పదకొండు నర్సింగ్ హోమ్‌లు. ఒక్కదానికీ సొంత మత్తు డాక్టర్ లేరు. మొత్తానికి మేం ఇద్దరమే. నా స్కూటీ డిక్కీలో ఎప్పుడూ ఒక సంచి ఉండేది. గొంతులోకి చూసే లారింగోస్కోపు, మూడు నాలుగు సైజుల శ్వాస ట్యూబులు, వెన్నులో మత్తిచ్చే స్పైనల్ సూదులు, అట్రోపిన్, ఎఫెడ్రిన్ లాంటి మందులు. అక్కడ ఉంటాయో ఉండవో నమ్మకం లేదు కాబట్టి అన్నీ మనమే మోసుకెళ్లాలి. ఒకసారి రైతు బజార్లో వంకాయలు ఏరుతుంటే ఫోన్. లోపల బిడ్డ గుండె వేగం పడిపోతోంది, వెంటనే సిజేరియన్ చెయ్యాలి. వంకాయల సంచి ముందు కొక్కేనికి తగిలించి అలాగే వెళ్లాను. స్పైనల్ ఇచ్చాక బీపీ దిగుతుంది కదా. దాన్ని నిలబెట్టే ఎఫెడ్రిన్ ఎక్కిస్తూ ఆవిడ తల దగ్గరే నిలబడ్డాను. బిడ్డ ఏడ్చింది, తల్లి బాగానే ఉంది. బయటికొస్తే వంకాయలు ఎవరో పట్టుకుపోయారు.

హోస్ట్: (నవ్వు) ఫీజులో కలుపుకోవాల్సింది.

అక్క: ఫీజే మూడు నెలలకి వచ్చేది. నవ్వులకేం గానీ, పల్స్ ఆక్సీమీటర్ శబ్దం నీకు తెలుసుగా. ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ టిక్ టిక్ శ్రుతి దిగిపోతుంటుంది. స్క్రీన్ చూడక్కర్లేదు, చెవికే తెలిసిపోతుంది. ఆ చెవి ఇంటికొచ్చినా ఊరుకోదు. పక్కింట్లో వాషింగ్ మెషీన్ బీప్ అన్నా నా చేతిలో గరిటె ఆగిపోయేది. ఆ ఐదేళ్లలో ఇంటర్వెల్ తర్వాత నేను చూసిన సినిమాలు రెండు. మిగతా వాటి కథ మా ఆయన ఇంటికొచ్చాక చెప్పేవారు. అది కూడా తప్పుగా.

హోస్ట్: ఇప్పుడు?

అక్క: ఇప్పుడు ఒక పెద్ద ఆస్పత్రిలో ఆరుగురం ఉన్నాం. అదే సబ్జెక్టు, అవే మందులు, అదే సూది. రాత్రి ఎనిమిదింటికి వచ్చేవాళ్లకి కేసులు అప్పజెప్పి దిగితే దిగినట్టే. సంపాదన అప్పటికంటే తక్కువ, మా అత్తగారికి ఆ సంగతి ఇంకా మింగుడు పడలేదు. నాకు మాత్రం ఒక్కటే లెక్క. అప్పుడు నా బదులు వెళ్లడానికి ఉన్నది ఒక్కరు. ఆయనా ఇంకో థియేటర్లో ఉండేవారు. ఇప్పుడు ఐదుగురు ఉన్నారు. నీ లిస్టులో ఏ బ్రాంచి రాసినా పక్కన ఇదొక్కటి రాసుకో: అర్ధరాత్రి ఫోన్ మోగితే నా బదులు ఎవరు వెళ్తారు?

హోస్ట్: కానీ ముందు పీజీ మూడేళ్లు గట్టెక్కాలి కదక్కా. అక్కడే భయంగా ఉంది.

అక్క: భయం ఉండాల్సిందే. కాగితం మీద చూస్తే మనంత సుఖపడేవాళ్లు లేరు. 1992లోనే కేంద్రం రెసిడెన్సీ నిబంధనల్లో రాసింది, ఏకబిగిన డ్యూటీ 12 గంటలు దాటకూడదు, వారానికి 48 గంటలు అని. 2023లో పీజీ నిబంధనలు కొత్తగా వచ్చాయి. వాటిలో అంకె వెయ్యకుండా "సహేతుకమైన పనిగంటలు" అన్నారు. ఎవరి హేతువో రాయలేదు. తర్వాత 2024లో జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 74 గంటలు దాటించొద్దని సిఫారసు చేసింది. 48 నుంచి 74కి వచ్చామా, దాన్ని కూడా అందరం మహాప్రసాదంలా చూశాం.

హోస్ట్: మీ రోజుల్లో?

అక్క: శుక్రవారం పొద్దున ఎక్కితే శనివారం రాత్రి దిగేదాన్ని. ఒక్కసారికే 36 గంటలు. నిలబడి నిద్రపోవడం అప్పుడే నేర్చుకున్నా. అమెరికాలో 2003 నుంచి వారానికి 80 గంటల హద్దు ఉంది, నాలుగు వారాల సగటు మీద చూస్తారు. 80 తక్కువేం కాదు గానీ, లెక్కపెట్టేవాడంటూ ఒకడున్నాడు అక్కడ.

హోస్ట్: అమెరికా అన్నారు కాబట్టి, మా కజిన్ అక్కడ జనరల్ మెడిసిన్ చేసి ఏడు రోజులు పని, ఏడు రోజులు సెలవు అంటాడు. నేను కోతలనుకున్నా.

అక్క: కోతలు కావు. హాస్పిటలిస్ట్ అంటారు. వార్డులో ఉన్న పేషెంట్లను మాత్రమే చూస్తారు, ఓపీ ఉండదు. మనవాళ్లు అక్కడ చాలామంది ఆ పనిలో ఉన్నారు. ఏడు రోజులు రోజుకు 12 గంటల చొప్పున ఒళ్లు హూనం, తర్వాతి ఏడు రోజులు నీ ఇష్టం. అదే జనరల్ మెడిసిన్ చదివి మన జిల్లా కేంద్రంలో సొంత క్లినిక్ పెట్టుకున్నాయన్ని చూడు. రాత్రి పదిన్నరకి చివరి పేషెంటు. పడుకునే ముందు వాట్సాప్‌లో నాలుగు షుగర్ రిపోర్టులు. చదివింది ఇద్దరూ ఒకటే.

హోస్ట్: సరే, రేడియాలజీ మాటేంటి? మంచి ర్యాంకులన్నీ అటే పోతున్నాయి కదా.

అక్క: పోనీ, మంచి సబ్జెక్టే. ఏసీ గది, ఒక స్క్రీన్, ఒక కుర్చీ అనుకుంటారు. పీజీలో రాత్రంతా క్యాజువాలిటీ నుంచి తలకి దెబ్బ తగిలిన ప్రతి కేసూ సీటీకి వస్తుంటుంది. రిపోర్టు ఇప్పుడే కావాలి. అది దాటి సొంతంగా స్కానింగ్ సెంటర్ పెడితే లింగనిర్ధారణను నిషేధించే 1994 నాటి పీఎన్‌డీటీ చట్టం ఉంది. గర్భిణికి చేసే ప్రతి స్కానింగ్‌కీ ఫారం ఎఫ్ నింపాలి. ఆడపిల్లల్ని కడుపులోనే చంపుకోకుండా తెచ్చిన చట్టం, ఉండాల్సిందే. కానీ ఒక గడి ఖాళీగా వదిలేసినా మెడకి చుట్టుకుంటుంది, మెషీన్ సీల్ పడొచ్చు. నా క్లాస్‌మేట్ ఒకడు తిరుమల బయల్దేరే ముందు కూడా బీరువా తెరిచి ఫారాలు సరిచూసుకుంటాడు.

హోస్ట్: దేవుడికి మొక్కేది కూడా అదేనేమో.

అక్క: అయ్యుండొచ్చు. అయితే రేడియాలజీలో ఒక గొప్ప వెసులుబాటు ఉంది. ఇంట్లో కూర్చుని రిపోర్టులు ఇవ్వొచ్చు. అమెరికాలో రాత్రి తీసిన స్కాన్లు ఇక్కడ పగటిపూట చదివే పని 20 ఏళ్ల పైనుంచే నడుస్తోంది. పేషెంటుని ముట్టుకోకుండా ఉండగలిగితే, అది నీకు వెలితి అనిపించకపోతే, హాయిగా చెయ్యొచ్చు. నాకైతే వెలితే.

హోస్ట్: డెర్మా?

అక్క: డెర్మా అనగానే నాకు పెళ్లిచూపులు గుర్తొస్తాయి. "అమ్మాయివి, డెర్మా తీసుకో, ఇంటిపట్టున ఉండొచ్చు" అని మా మేనత్త. ఆవిడకి రింగ్‌వార్మ్ తప్ప ఇంకో చర్మవ్యాధి తెలీదు. రాత్రి ఎమర్జెన్సీలు దాదాపు ఉండవు, ఆ మాట నిజమే. కానీ హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ క్లినిక్ పెట్టుకుంటే లేజర్ మెషీన్ ఈఎంఐ, పక్క సందులో డాక్టర్ కానివాళ్ల స్కిన్ క్లినిక్, ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్. నా ఫ్రెండ్ వారానికి రెండు రీల్స్ చెయ్యాలి. కెమెరా అంటే దానికి కాలేజీ రోజుల నుంచీ సిగ్గు. రాత్రి నిద్ర పడుతుంది, టెన్షన్ మాత్రం పోదు.

హోస్ట్: మరి గైనిక్, అదే కాన్పుల బ్రాంచి? అందరూ దణ్ణం పెట్టేస్తున్నారు.

అక్క: పెట్టకూడదు. మన దగ్గర అసలు సంగతి అక్కడే కనిపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం, ఆంధ్రలో 42.4 శాతం. కారణాలు చాలా ఉన్నాయి. డబ్బు ఉంది, నొప్పులంటే భయం ఉంది, ముహూర్తాలున్నాయి. తెల్లవారుజామున 4 గంటల 37 నిమిషాలకి బిడ్డ బయటికి రావాలని పంచాంగం జిరాక్స్ పట్టుకొచ్చినవాళ్లకి నేను మత్తు ఇచ్చాను. ఇవన్నీ పక్కన పెట్టు. ఒక్క గైనకాలజిస్ట్ ఒక్కతే నడిపే నర్సింగ్ హోమ్‌లో నొప్పులు మొదలైన దగ్గర్నుంచి 14 గంటలు ఎవరు కాచుకు కూర్చుంటారు? రేపు పొద్దున ఆవిడకి ఓపీ ఉంది. మధ్యాహ్నం రెండింటికి సిజేరియన్ అని రాసేస్తే రాత్రి పడుకోవచ్చు. ఇది కూడా ఒక కారణమని నా గట్టి అనుమానం. ఎవరూ పైకి చెప్పుకోరు. నలుగురు గైనకాలజిస్టులు కలిసి వంతులు వేసుకున్నచోట ఆ తొందర ఉండదు. అలాంటిచోట పనిచేసే అక్క ఒకావిడ సంగీతం కూడా నేర్చుకుంటోంది ఇప్పుడు.

హోస్ట్: బదులు మనిషి లేకపోతే పేషెంటుకీ నష్టమే అన్నమాట.

అక్క: ఆ నష్టం బిల్లులో కనపడదు, అంతే.

హోస్ట్: సైకియాట్రీ, పాథాలజీ, ఎమర్జెన్సీ... ఇవి గబగబా చెప్పండక్కా.

అక్క: సైకియాట్రీలో ఫోన్లు తక్కువ, కానీ విన్నది ఇంటికి వెంట వస్తుంది. దాన్ని గుమ్మం బయట వదలడం నేర్చుకోవాలి. పాథాలజీ టైముకి మొదలై టైముకి ముగుస్తుంది. సూక్ష్మదర్శిని మీద ప్రేముంటే దాన్ని మించింది లేదు. ఎమర్జెన్సీ మెడిసిన్‌కి మన దేశంలో ఎండీగా గుర్తింపు 2009లో వచ్చింది. బయట నుంచి చూస్తే భయంకరం. కానీ షిఫ్టు అయ్యాక నీ వెనకాల పేషెంటు రాడు. చిత్రంగా అది చాలామందికి సరిపోతోంది. నలభై దాటాక నైట్లు ఒంటికి పడతాయా అన్నది వేరే సంగతి.

హోస్ట్: నాన్ క్లినికల్, అంటే పేషెంట్లని చూడక్కర్లేనివి? అనాటమీ, ఫిజియాలజీ అంటే ఇంట్లో మొహాలు మాడిపోతున్నాయి.

అక్క: మాడనీ. 2023లో పీజీ కటాఫ్ సున్నా పర్సంటైల్‌కి దించారు గుర్తుందా, అంటే పరీక్ష రాసినవాళ్లందరూ అర్హులే, ఖాళీ సీట్లు నిండక. అందులో చాలావరకు ఈ సబ్జెక్టులవే. పాఠం చెప్పడం నీకు ఇష్టమైతే మన వృత్తిలో సాయంత్రం ఐదు గంటల సూర్యుణ్ణి చూసేది వీళ్లే. హాజరు మాత్రం తప్పించుకోలేవు, ముఖం చూపించి వేయాలి. ఇష్టం లేకుండా తీసుకున్నవాళ్లు మాత్రం ఏడాది తిరగ్గానే మళ్లీ నీట్ పుస్తకాలు తెరుస్తారు. ఇష్టం సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నా, నీకు హౌస్ సర్జన్సీలో ఏ పోస్టింగ్ అయిపోతుంటే బాధేసింది?

హోస్ట్: ... పీడియాట్రిక్స్, పిల్లల విభాగం. అప్పుడే పుట్టిన పసికందుల ఐసీయూ, ఎన్ఐసీయూలో తొమ్మిది వందల గ్రాముల పాప ఉండేదక్కా. నా పోస్టింగ్ అయిపోయాక కూడా రోజూ సాయంత్రం వెళ్లి బరువు చూసొచ్చేవాణ్ణి. పద్నాలుగు వందలకి వచ్చింది.

అక్క: మరి నీ లిస్టులో అది ఎన్నోది?

హోస్ట్: పదకొండు. తల్లులు అర్ధరాత్రి ఫోన్లు చేస్తారని మా సీనియర్లు భయపెట్టారు.

అక్క: చేస్తారు. నేనూ చేశాను, మా పాపకి జ్వరం వస్తే. నాకు మత్తు ఇవ్వడం వచ్చు గానీ నా పిల్లకి పారాసిటమాల్ ఎన్ని ఎంఎల్ పొయ్యాలో ఆ టైములో చేతకాలేదు. సరే, నువ్వు ఎక్కడ ప్రాక్టీస్ చేద్దామనుకుంటున్నావ్?

హోస్ట్: మా ఊళ్లోనే. నాన్నగారు ఒక్కరే ఉంటారు.

అక్క: అక్కడ పిల్లల డాక్టర్లు ఎంతమంది?

హోస్ట్: ఇద్దరు. కానీ వాళ్లిద్దరికీ పడదు. ఎదురెదురు క్లినిక్‌లు, ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

అక్క: చూశావా, ఇద్దరుండీ ఒంటరివాళ్లే. ఒకాయన ఊరెళ్తే ఆయన పేషెంట్లని రెండోఆయన చూడడు. వాళ్లలో పెద్దాయనకి ఒకసారి ఫోన్ చెయ్యి. మూడో మనిషి వస్తే వారంలో రెండు రాత్రులు పంచుకుంటారా అని అడుగు. సీట్లు, ఫీజులు, కటాఫ్‌లు ఏవీ అడక్కు, ఇదొక్కటే అడుగు.

హోస్ట్: ఇవాళే చేసేస్తాను.

అక్క: ఇవాళ వద్దు, తొమ్మిదయింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చెయ్యి. వాళ్లావిడ ఎత్తితే ఇంకా మంచిది, ముందు ఆవిడనే అడుగు.