ఎక్సెల్ నుంచి డీఎల్ఎల్‌కు అర్రే పంపగానే క్రాష్ అవుతోందా? కారణాన్ని ఇలా పట్టుకోండి

[తెర మీద: వీబీఏ ఎడిటర్, ఖాళీ మాడ్యూల్]

నమస్కారం. ఎక్సెల్‌లో ఒక మాక్రో ఉంది, ఎక్సెల్‌లోనే ఉండే వీబీఏ అనే భాషలో రాసింది. అది సీ భాషలో రాసిన డీఎల్ఎల్ (విండోస్ లైబ్రరీ ఫైలు)లోని ఒక ఫంక్షన్‌ను పిలుస్తుంది. విడి సంఖ్యలు పంపినంత కాలం అంతా సవ్యంగానే నడుస్తుంది. అర్రే, అంటే ఒకే రకం విలువల వరుస, పంపిన మరుక్షణం ఎక్సెల్ మొత్తం మూతపడుతుంది. సందేశం ఉండదు, లైన్ నంబరు ఉండదు, సేవ్ చేయని పని పోతుంది. ఈ క్రాష్‌కు కారణాన్ని ఎలా వెతకాలో ఈ వీడియోలో చూద్దాం. ఉదాహరణకు ఎక్సెల్‌ను తీసుకుంటున్నాను. మీ సంస్థలో వాడే సాఫ్ట్‌వేర్ వేరేదైనా, అది బయటి లైబ్రరీని నేరుగా పిలిచేదైతే ఇవే కారణాలు ఎదురవుతాయి. పేర్లు మాత్రం మారతాయి.

ముందుగా వర్క్‌బుక్‌కు ఒక కాపీ తీసి, దాని మీదే పని చేయండి. ఇక్కడ వీబీఏలో ఎర్రర్లను పట్టుకునే ఆన్ ఎర్రర్ మనల్ని కాపాడదు. అది వీబీఏ గుర్తించిన పొరపాట్లనే పట్టుకుంటుంది. సీ ఫంక్షన్ తనది కాని మెమరీని తాకినప్పుడు విండోస్ మొత్తం ప్రాసెస్‌నే ఆపేస్తుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే డిక్లేర్ లైన్‌ను, అంటే డీఎల్ఎల్ ఫంక్షన్‌ను వీబీఏకు పరిచయం చేసే లైన్‌ను చూడాలి. డీఎల్ఎల్ బయటకు చూపించే పట్టికలో ఫంక్షన్ పేరు, అది ఉన్న చోటు ఉంటాయి. ఎన్ని ఆర్గ్యుమెంట్లు, అవి ఏ రకానివి అన్న వివరం అందులో ఉండదు. ఆ వివరాన్ని డిక్లేర్ లైన్‌లో మనమే రాస్తాం. మనం రాసింది నిజమో కాదో వీబీఏ చూడదు, సీ ఫంక్షన్ చూడదు, విండోస్ కూడా చూడదు. అందుకే నేను మాక్రో కోడ్ జోలికి వెళ్లకముందే ఫంక్షన్ల ఆర్గ్యుమెంట్ల వివరాలుండే సీ హెడర్ ఫైలును, డిక్లేర్ లైన్‌ను పక్కపక్కన పెట్టి ఒక్కో ఆర్గ్యుమెంట్‌నూ పోల్చి చూస్తాను. హెడర్ లేదా దానికి సరిసమానమైన డాక్యుమెంట్ చేతిలో లేకుండా ఈ పనికి దిగకండి. ఊహించి రాసిన డిక్లేర్ లైన్ ఒకసారి పనిచేసినంత మాత్రాన అది సరైనదని చెప్పలేం.

[తెర మీద: ఈవెంట్ వ్యూయర్, విండోస్ లాగ్స్, అప్లికేషన్]

క్రాష్ అయిన వెంటనే ఈవెంట్ వ్యూయర్ తెరవండి. విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ అనే విభాగంలో ఎక్సెల్ పేరుతో ఒక ఎర్రర్ నమోదై ఉంటుంది. అందులో రెండు విషయాలు చూడాలి. ఒకటి ఎక్సెప్షన్ కోడ్, రెండోది ఫాల్టింగ్ మాడ్యూల్ పేరు. కోడ్ సీ అక్షరంతో మొదలై, ఆరు సున్నాల తర్వాత 5తో ముగిస్తే అది యాక్సెస్ వయొలేషన్. అంటే అనుమతి లేని చిరునామాను చదవబోయారు లేదా అక్కడ రాయబోయారు. మాడ్యూల్ పేరు మీ డీఎల్ఎల్‌దే అయితే మీరు అదృష్టవంతులు, తప్పు ఆ పిలుపులోనే బయటపడింది.

సీ తర్వాత నాలుగు సున్నాలు, చివర 374 ఉంటే హీప్, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీ కేటాయించుకునే చోటు, పాడైందని అర్థం. అప్పుడు మాడ్యూల్ పేరు ఎక్కువగా ఎన్‌టీడీఎల్ఎల్ (విండోస్ సొంత లైబ్రరీ) అని కనిపిస్తుంది. అది చూసి విండోస్‌నో ఆఫీస్‌నో అనుమానించి రీఇన్‌స్టాల్ చేయకండి. మెమరీని ఎవరో అంతకుముందే చెరిపేశారు, విండోస్ ఆ సంగతిని ఇప్పుడు గమనించింది. తప్పు జరిగిన చోటు వేరు, క్రాష్ అయిన చోటు వేరు. ఈ తేడా మనసులో ఉంచుకుంటే చాలా సమయం మిగులుతుంది.

ఇప్పుడు ఉదాహరణ. మూవింగ్ యావరేజ్ లెక్కించే ఒక సీ ఫంక్షన్ ఉందనుకుందాం. దానికి మూడు ఆర్గ్యుమెంట్లు. మొదటిది డబుల్ రకం (దశాంశ సంఖ్యలు) విలువలను చూపే పాయింటర్, అంటే లోపలికి ఇచ్చే విలువల చిరునామా. రెండోది ఇంట్, ఎన్ని విలువలో చెప్పే సంఖ్య. మూడోది మళ్లీ అలాంటి పాయింటరే, ఫలితాలు రాసే చోటు.

[తెర మీద: డిక్లేర్ లైన్, రెండో ఆర్గ్యుమెంట్ పసుపు రంగులో]

అందరూ అర్రేనే అనుమానిస్తారు. నేను ముందు ఆ సంఖ్యను చూస్తాను. వీబీఏలో ఏమీ రాయకపోతే ప్రతి ఆర్గ్యుమెంట్ బైరెఫ్‌గా వెళ్తుంది, అంటే విలువ బదులు దాని చిరునామా వెళ్తుంది. సీ ఫంక్షన్ ఆ చిరునామానే సంఖ్యగా తీసుకుంటుంది. మీరు 12 పంపామనుకుంటారు, దానికి అందేది కోట్లలో ఉండే ఏదో అంకె. లూప్ అర్రే దాటి పరుగెత్తి, ఎక్కడో అనుమతి లేని చోట ఆగిపోతుంది. 64 బిట్ ఎక్సెల్‌లో ఇంకో చిక్కు ఉంది. చిరునామాలో కింది 32 బిట్లనే ఇంట్‌గా చదువుతారు కాబట్టి అది రుణ సంఖ్య కూడా కావచ్చు. అప్పుడు లూప్ ఒక్కసారి కూడా నడవదు. క్రాష్ ఉండదు, ఫలితాల్లో అన్నీ సున్నాలే. ఒకే కోడ్ ఒకసారి కూలిపోయి, మరోసారి సున్నాలు ఇస్తుంటే ముందుగా ఆ సంఖ్య ముందు బైవాల్ (విలువనే పంపమనే పదం) ఉందో లేదో చూడండి.

ఆ తర్వాత అర్రే. ఈ వీడియోలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే, కాబట్టి నిదానంగా చెబుతాను.

వీబీఏ అర్రే అంటే వరుసగా పేర్చిన విలువలు మాత్రమే కాదు. దానికి సేఫ్‌అర్రే అనే ఒక పై నిర్మాణం ఉంటుంది. ఎన్ని డైమెన్షన్లు, ఒక్కో విలువ ఎన్ని బైట్లు, హద్దులు ఏమిటి, అసలు విలువలు ఎక్కడున్నాయి అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. డిక్లేర్ లైన్‌లో పేరు పక్కన ఖాళీ బ్రాకెట్లు పెడితే, ఆ నిర్మాణాన్ని చూపే పాయింటర్‌కు పాయింటర్ వెళ్తుంది. రెండు పాయింటర్లు దాటాకే అసలు విలువలు దొరుకుతాయి. సీ ఫంక్షన్ మాత్రం తనకు అందిన చోటే మొదటి డబుల్ ఉందనుకుంటుంది.

చదవడం వరకైతే చెత్త విలువలు వస్తాయి. రాస్తే అసలు ప్రమాదం. మొదటి ఎనిమిది బైట్లు రాయగానే అర్రే వేరియబుల్ దాచుకున్న పాయింటర్ చెరిగిపోతుంది. ఫంక్షన్ మాత్రం ఏ గొడవా లేకుండా తిరిగి రావచ్చు. ఆ తర్వాత సబ్ (మాక్రో ప్రొసీజర్) ముగిసేటప్పుడు వీబీఏ ఆ అర్రేను విడుదల చేయబోతుంది, అప్పుడు ఎక్సెల్ కూలుతుంది. డీబగ్గర్‌లో అడుగడుగునా నడిపితే ఎండ్ సబ్ దగ్గర క్రాష్ అయినట్టు కనిపిస్తుంది. ఆ లైన్‌లో తప్పేమీ లేదు.

[తెర మీద: సరిచేసిన డిక్లేర్ లైన్, కింద పిలిచే లైన్]

సరైన పద్ధతి ఇది. డిక్లేర్ లైన్‌లో బ్రాకెట్లు తీసేసి, బైరెఫ్, పేరు, యాజ్ డబుల్ అని రాయండి. పిలిచేటప్పుడు అర్రే పేరు కాకుండా దాని మొదటి విలువను ఇవ్వండి. ఇండెక్స్‌లో సున్నా అని నేరుగా రాయకుండా ఎల్‌బౌండ్ (అర్రే మొదటి ఇండెక్స్‌ను ఇచ్చేది) వాడండి. మొదటి విలువ చిరునామా వెళ్తుంది, మిగతావి దాని వెనుకే వరుసగా ఉంటాయి. అర్రేకు ఇంకా రీడిమ్‌తో పరిమాణం ఇవ్వకపోతే వీబీఏ ఎర్రర్ 9 చూపిస్తుంది, క్రాష్ కంటే అది వెయ్యి రెట్లు నయం. ఒక్క మినహాయింపు. కొన్ని డీఎల్ఎల్‌లను వీబీఏ కోసమే రాస్తారు. వాటి హెడర్‌లో సేఫ్‌అర్రే అనే పేరు, పక్కన రెండు నక్షత్రాలు ఉంటాయి. అక్కడ ఖాళీ బ్రాకెట్లే సరైనవి.

ఇక పరిమాణాలు. వీబీఏలో ఇంటిజర్ 2 బైట్లు, సీలో ఇంట్ 4 బైట్లు. 100 ఇంటిజర్ల అర్రేలో 200 బైట్లు ఉంటాయి, సీ ఫంక్షన్ 400 చదువుతుంది. సీ ఇంట్‌కు జోడీ వీబీఏ లాంగ్. విండోస్‌లో సీ లాంగ్ కూడా 4 బైట్లే, 64 బిట్‌లోనూ అంతే. 64 బిట్ లినక్స్‌లో అది 8 బైట్లు, అందువల్ల అక్కడి కోడ్‌ను తెచ్చి విండోస్‌లో కంపైల్ చేసినవారు ఇక్కడ జాగ్రత్తపడాలి. బూలియన్ 2 బైట్లు, ట్రూ అంటే మైనస్ 1. కరెన్సీ 8 బైట్లే అయినా డబుల్ కాదు, విలువను 10000తో గుణించి పూర్ణాంకంగా దాచుకుంటుంది. దాన్ని డబుల్‌గా చదివితే క్రాష్ కాదు, లెక్కలు తప్పుతాయి. వ్యాపార లెక్కల్లో అది క్రాష్ కంటే ప్రమాదకరం.

చాలామంది ఆగిపోయే చోటు మరొకటి ఉంది. రేంజ్ వాల్యూను, అంటే సెల్‌ల విలువలను, ఒక వేరియబుల్‌లోకి తెచ్చుకుని, దాన్నే డీఎల్ఎల్‌కు పంపేస్తారు. అందులో ఉండేవి వేరియంట్లు, అంటే ఏ రకం విలువనైనా పట్టే గడులు. ఒక్కో వేరియంట్ 32 బిట్‌లో 16 బైట్లు, 64 బిట్‌లో 24 బైట్లు. పైగా అది రెండు డైమెన్షన్ల అర్రే, 1 నుంచి మొదలవుతుంది. ముందు లూప్‌తో ఒక డబుల్ అర్రేలోకి నకలు చేసి, దాన్నే పంపండి. సెల్‌లో అక్షరాలు ఉంటే నకలు చేసేటప్పుడే ఎర్రర్ 13 వస్తుంది. రెండు డైమెన్షన్లతోనే పంపాల్సి వస్తే గుర్తుంచుకోండి, వీబీఏ మెమరీలో నిలువు వరుసల ప్రకారం పేరుస్తుంది, సీ అడ్డు వరుసల ప్రకారం చదువుతుంది.

64 బిట్ గురించి కొద్దిగా. ఆఫీస్ 2010తో వచ్చిన వీబీఏ 7లో పీటీఆర్‌సేఫ్ అనే పదం, చిరునామాలను దాచే లాంగ్‌పీటీఆర్ అనే రకం చేరాయి. 64 బిట్ ఆఫీస్‌లో పీటీఆర్‌సేఫ్ లేని డిక్లేర్ కంపైల్ కాదు. అందుకని అన్ని లైన్లలో ఆ పదాన్ని చేర్చేసి పని అయిపోయిందనుకుంటారు. ఆ పదం దేన్నీ సరిచేయదు, ‘నేను చూసుకున్నాను’ అని కంపైలర్‌కు మనమిచ్చే మాట మాత్రమే. పాయింటర్‌ను దాచే ప్రతి లాంగ్‌నూ లాంగ్‌పీటీఆర్‌గా మార్చాలి, లేకపోతే చిరునామాలో పై సగం తెగిపోతుంది. లెక్కకు వాడే లాంగ్‌ను మాత్రం మార్చకండి. 32 బిట్ ఎక్సెల్‌లో ఎర్రర్ 49 వస్తే ఆర్గ్యుమెంట్లు గానీ కాలింగ్ కన్వెన్షన్ (ఫంక్షన్‌ను పిలిచే పద్ధతి) గానీ కలవలేదని అర్థం, డీఎల్ఎల్‌లో ఎస్‌టీడీకాల్ ఉండాలి. 64 బిట్‌లో కాలింగ్ కన్వెన్షన్ సమస్యే లేదు.

[తెర మీద: కాపలా గడులతో పరీక్ష మాక్రో]

డిక్లేర్ లైన్ సరిగ్గానే ఉంది, అయినా అప్పుడప్పుడు కూలుతోంది. అప్పుడు సీ కోడే హద్దు దాటి రాస్తుండవచ్చు. దీనికి నాకు ఎంతో ఇష్టమైన పరీక్ష ఒకటుంది. ఫలితాల అర్రేను అవసరమైన దానికంటే ముందు 20, వెనుక 20 గడులు ఎక్కువగా తీసుకోండి. అన్నిటిలోనూ మైనస్ 987654 నింపండి. మధ్య భాగంలోని మొదటి గడిని ఫంక్షన్‌కు ఇచ్చి పిలవండి. తిరిగి వచ్చాక అంచుల్లోని గడులు చూడండి. చివరి అంచులో మొదటి గడి మారితే, సీ లూప్‌లో చిన్నది అనే గుర్తు ఉండాల్సిన చోట చిన్నది లేదా సమానం అనే గుర్తు పడి ఉండవచ్చు. మధ్యలో కూడా అదే మైనస్ సంఖ్య మిగిలితే ఫంక్షన్ అక్కడ రాయలేదు, అసలు రాయకపోయి ఉండవచ్చు లేదా వేరే ఎక్కడో రాసి ఉండవచ్చు. డీఎల్ఎల్ రాసిన ప్రోగ్రామర్‌తో మాట్లాడేటప్పుడు ఈ పరీక్ష ఫలితాన్ని చూపించండి, వాదన అక్కడే తేలిపోతుంది.

కొన్ని ఫంక్షన్లు మీరిచ్చిన చిరునామాను దాచుకుని, తిరిగి వచ్చాక వెనుక నుంచి పని కొనసాగిస్తాయి. వాటికి ఇచ్చే అర్రేను సబ్ లోపల ప్రకటించకండి. మాడ్యూల్ స్థాయిలో పెట్టండి, పని ముగిసేవరకు రీడిమ్ గానీ ఎరేస్ గానీ చేయకండి.

ఇంకా దొరకకపోతే విండోస్ డీబగ్గింగ్ టూల్స్‌లోని జీఫ్లాగ్స్ తీసుకోండి. ఎక్సెల్‌కు పూర్తి పేజ్ హీప్ ఆన్ చేస్తే, హీప్‌లోని ప్రతి కేటాయింపు పక్కన తాకకూడని పేజీ ఒకటి ఏర్పడుతుంది. హద్దు దాటి రాసిన క్షణంలోనే క్రాష్ అవుతుంది. పక్కనే ప్రాక్‌డంప్‌ను క్రాష్ అయినప్పటి మెమరీ నకలు, అంటే పూర్తి డంప్ తీసేలా నడిపి ఉంచండి. ఆ డంప్‌ను విన్‌డీబీజీ అనే డీబగ్గర్‌లో తెరిస్తే తప్పు చేసిన ఫంక్షన్ కాల్ స్టాక్‌లో కనిపిస్తుంది. డీఎల్ఎల్‌కు సంబంధించిన పీడీబీ (డీబగ్ సమాచారం ఉండే) ఫైలు ఉంటే లైన్ నంబరు కూడా తెలుస్తుంది. పేజ్ హీప్ ఆన్‌లో ఉన్నంతసేపు ఎక్సెల్ చాలా మెమరీ తింటూ నెమ్మదిగా నడుస్తుంది, కంప్యూటర్ రీస్టార్ట్ చేసినా ఆ సెట్టింగ్ పోదు. డంప్ చేతికి రాగానే జీఫ్లాగ్స్‌లో దాన్ని ఆపేయండి.