ద్రాక్ష బుట్ట పట్టుకున్న అస్థిపంజరం, బాబాయి మూడో రంగు

అమ్మాయి: నమస్కారం. శాన్ ఫ్రాన్సిస్కోలో ఉండే చికానా, అంటే మెక్సికన్ మూలాలున్న అమెరికన్, చిత్రకారిణి ఎస్టర్ హెర్నాండెజ్ గత ఇరవై ఏళ్ళలో చేసిన ముద్రాచిత్రాలేమిటి, అటువంటి బొమ్మలు కాలిఫోర్నియాలో మనకు ఎక్కడెక్కడ అందుబాటులో ఉన్నాయి అన్నదే ఈ వారం అంశమని పోయినసారి ప్రకటించాం. అంశం వినగానే, ఒకప్పుడు ప్రెస్సులో పెళ్ళికార్డులు అచ్చువేసిన బాబాయ్ కుర్చీ ముందుకు జరుపుకున్నారు కాబట్టి ఏం జరగబోతోందో పాత శ్రోతలకు చెప్పనక్కరలేదు.

బాబాయి: అచ్చులో ఎప్పుడూ మోసం చేసే ఆ మూడో రంగు ప్రస్తావన తీసుకురానని మీ పిన్నికి మాట ఇచ్చి వచ్చానమ్మా. నువ్వు నిశ్చింతగా మొదలుపెట్టు.

అమ్మాయి: పిన్ని ఈ కార్యక్రమం వినరన్న ధైర్యంతోనే మీరు ఆ మాట ఇచ్చి ఉంటారు. సరే. హెర్నాండెజ్ 1944లో శాన్ వాకీన్ లోయలోని డైనూబా అనే చిన్న ఊళ్ళో, పొలాల్లో కూలి చేసుకునే మెక్సికన్ అమెరికన్ కుటుంబంలో పుట్టారు. ఆ చుట్టుపక్కలంతా ద్రాక్ష తోటలే. ఊరి నీళ్ళలో పురుగుమందులు కలిసిపోయాయన్న సంగతి తల్లి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆమెకు తెలిసింది. తాను చిన్నప్పటి నుంచీ తాగిన నీళ్ళు, స్నానం చేసిన నీళ్ళు అవే. ఆ కోపంలోంచి పుట్టినదే 1982 నాటి 'సన్ మ్యాడ్' అనే స్క్రీన్ ప్రింట్, అంటే సన్నటి తెరలోంచి రబ్బరు పట్టీతో రంగు నెట్టి వేసే అచ్చు. సన్ మెయిడ్ ఎండుద్రాక్ష డబ్బా అమెరికాలో చాలా తెలుగువాళ్ళ వంటిళ్ళలో, సేమ్యా, జీడిపప్పుల పక్కనే ఉంటుంది. ఎర్రటి టోపీ కట్టుకుని, వెనక పసుపుపచ్చ సూర్యుడు వెలుగుతుండగా ద్రాక్ష బుట్టతో నవ్వే ఆ డబ్బా మీది అమ్మాయి స్థానంలో హెర్నాండెజ్ ఒక అస్థిపంజరాన్ని నిలబెట్టారు. టోపీ, సూర్యుడు, బుట్ట అలాగే ఉంటాయి. అడుగున మాత్రం పురుగుమందు, నల్లిమందు, కలుపుమందు, తెగులుమందు వేసి అసహజంగా పెంచినవని రాసి ఉంటుంది.

బాబాయి: ఆ పళ్ళ వరస గమనించావా? డబ్బా మీది అమ్మాయి నవ్వు ఎక్కడ ఉంటుందో సరిగ్గా అక్కడే ఈ పళ్ళు కూడా ఉంటాయి. కొనేవాడి కన్ను అలవాటు కొద్దీ ముందు నవ్వునే చూస్తుంది, తర్వాత ఉలిక్కిపడుతుంది. చదునైన రంగులతో, నీడలు దిద్దకుండా చేసినందువల్లే ఆ పని సాధ్యమైంది. అందులోనూ ఎరుపు మీద పసుపు ఎక్కించేటప్పుడు మూడో...

అమ్మాయి: బాబాయ్.

బాబాయి: మూడో వ్యక్తి ఎవరైనా దీనిని తైలవర్ణంలో వేసి ఉంటే ఇంత పదును వచ్చేది కాదని చెప్పబోయాను.

అమ్మాయి: శ్రోతలు నమ్మారు లెండి. ఇక తర్వాతి బొమ్మలకు వస్తాను. 2008లో అదే డబ్బాను ఆమె మళ్ళీ చేతిలోకి తీసుకుని 'సన్ రెయిడ్' చేశారు. ఈసారి అస్థిపంజరం మూలవాసి స్త్రీలు ధరించే హుయిపిల్ అనే పైవస్త్రం వేసుకుని ఉంటుంది. మణికట్టుకు వలస పోలీసుల పేరున్న నిఘా పట్టీ ఉంటుంది. దేశం నుంచి పంపివేయడం ఖాయమన్న హామీ, మిష్టెకో, సపొటెకో, త్రికీ, పురెపెచా జాతుల పేర్లు, నాఫ్టా అనే అమెరికా, మెక్సికో, కెనడాల వాణిజ్య ఒప్పందం తాలూకు ఉప ఉత్పత్తి అన్న మాటా డబ్బా మీది సమాచారంలాగే అచ్చు వేశారు. 1994లో ఆ ఒప్పందం అమలయ్యాక చవకైన అమెరికన్ మొక్కజొన్న మెక్సికోలోకి వచ్చిపడి, అక్కడి చిన్న రైతులు పొలాలు వదిలి ఉత్తరానికి కూలికి రావలసివచ్చిందన్న వాదన అంతా ఆ ఒక్క మాటలో ఉంది. 2010లో అరిజోనా రాష్ట్రం వలసదారుల మీద కఠినమైన చట్టం తెచ్చినప్పుడు, మెక్సికన్లు కొలిచే గ్వాడలూపే మరియమాతనే పోలీసులు వెతుకుతున్న నిందితురాలిగా చూపిస్తూ మరో ముద్రాచిత్రం చేశారు. ఇక ప్రదర్శనశాలల విషయానికి వస్తే, రివర్‌సైడ్ పట్టణంలో 2022 జూన్ 18న ప్రారంభమైన చీచ్ మరిన్ చికానో కళా కేంద్రం అన్నిటికంటే ముందు చెప్పుకోవలసిన మ్యూజియం.

బాబాయి: ఆ మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది.

అమ్మాయి: చీచ్ మరిన్ హాస్యనటుడనా?

బాబాయి: ఆయన మీద నాకు గౌరవమే. ఎవరూ కొననప్పుడు సొంత డబ్బుతో కొని, సుమారు 500 చిత్రాలు ఇచ్చేసిన మనిషి. నా అభ్యంతరం మ్యూజియం మీద. సమ్మె శిబిరంలో నిలబెట్టడానికి, ఊరేగింపులో మోయడానికి, గోడకు అంటించడానికి పుట్టిన కాగితాన్ని గాజు పలక వెనక పెట్టి, ముందు ఒక కాపలాదారును నిలబెడితే అది చేయవలసిన పని మానేస్తుంది. బెజవాడలో సినిమా పోస్టర్లకు మైదా జిగురు రాసి గోడకు కొట్టేవారు, వారం తర్వాత వాటి మీదే కొత్తవి కొట్టేవారు. ఎవరూ దాచలేదు, అయినా ఆ బొమ్మలు చూడని మనిషి ఊళ్ళో లేడు.

అమ్మాయి: ఎవరూ దాచలేదు కాబట్టే ఇప్పుడు వాటిలో ఒక్కటి చూపించమన్నా మీరు చూపించలేరు.

బాబాయి: చూపించవలసిన అవసరం ఏముంది? అది సినిమా ఆడినన్నాళ్ళు పనిచేసింది.

అమ్మాయి: పురుగుమందుల సమస్య సినిమాలా రెండు వారాల్లో వెళ్ళిపోయేది కాదు బాబాయ్. డీబీసీపీ అనే మందును కాలిఫోర్నియాలో 1977లోనే ఆపేశారు, కానీ ఆ లోయ బావుల్లో అది ఆ తర్వాత ఏళ్ళ తరబడి కనిపిస్తూనే వచ్చింది. నీళ్ళలో విషం అంతకాలం నిలిచి ఉండగా దాని మీద వేసిన బొమ్మ మాత్రం వారంలో చిరిగిపోవాలని మీరు ఎలా అంటారు?

బాబాయి: అది మంచి మాటే. అయినా మ్యూజియంలు ఈ కళాకారులను ఎలా చూశాయో నువ్వే ఒకసారి చెప్పావు. 1972లో లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంలో ఏం జరిగిందో మళ్ళీ చెప్పు.

అమ్మాయి: నా వాదనను నా నోటితోనే ఓడించాలని చూస్తున్నారు. చెబుతాను. అక్కడ చికానోల బొమ్మ ఒక్కటీ ఎందుకు లేదని హ్యారీ గంబోవా అనే కళాకారుడు అక్కడి ప్రదర్శనలు చూసే ఒక క్యూరేటర్‌ను అడిగితే, చికానోలు ముఠాల్లో తిరుగుతారే తప్ప కళ సృష్టించరని జవాబు వచ్చింది. గంబోవా, గ్రాంక్, విల్లీ హెరోన్ ఆ రాత్రే స్ప్రే డబ్బాలతో వెళ్ళి మ్యూజియం ప్రవేశమార్గం దగ్గర తమ పేర్లు రాసి వచ్చారు. వారి బృందం పేరు అస్కో. ఆ పేర్ల పైన బృందంలోని నాలుగో సభ్యురాలు ప్యాట్సీ వాల్డెజ్ నిలబడి ఉండగా తెల్లవారాక గంబోవా తీసిన ఫొటోయే ఇప్పుడు మనకు మిగిలింది. పేర్లను మ్యూజియం వారు సున్నం కొట్టినట్టు వెంటనే కప్పేశారు.

బాబాయి: చూశావా! ఆ మ్యూజియానికి దక్కిన మొదటి చికానో కళాఖండాన్ని వాళ్ళే తుడిచేశారు. గోడ మీద ఉన్నప్పుడే అది కళ. స్ప్రే అన్నది ఒక విధంగా స్టెన్సిల్ లేని స్క్రీన్ ప్రింటింగే, మెష్ లేదు, స్క్వీజీ లేదు, రంగు మాత్రం...

అమ్మాయి: మీరు మీ ప్రెస్సు తలుపు తెరిచేలోగా మిగతా సగం కూడా చెప్పనివ్వండి. రెండేళ్ళు తిరగకుండానే, 1974లో, అదే మ్యూజియం లోస్ ఫోర్ అనే చికానో బృందానికి ప్రదర్శన పెట్టింది. కార్లోస్ అల్మరాజ్, ఫ్రాంక్ రొమేరో, గిల్బర్ట్ లుహాన్, బేతో దె లా రోచా ఆ నలుగురు. 2011లో అస్కో బృందం చేసిన పని మొత్తాన్నీ ప్రదర్శించినదీ అదే మ్యూజియం. గోడ మీద రాత తుడిచేసిన చోటుకే ఆ రాత ఫొటో తిరిగి వచ్చి వేలాడింది.

బాబాయి: ముప్పై తొమ్మిదేళ్ళు పట్టింది. అప్పటికి రాసినవాళ్ళ జుట్టు నెరిసింది. నేను అనేది అదే కదా, మ్యూజియం ఎప్పుడూ సమ్మె ముగిశాకే వస్తుంది.

అమ్మాయి: సమ్మె జరుగుతుండగా దాచినవాళ్ళూ ఉన్నారు. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం దగ్గర ఉన్న 'సన్ మ్యాడ్' ప్రతి వేలంపాటలో కొన్నది కాదు. తొమాస్ ఇబారా ఫ్రౌస్తో అనే పండితుడు ఉద్యమం నడుస్తుండగానే పోస్టర్లు పోగుచేసి, 1995లో మ్యూజియానికి ఇచ్చినవాటిలో అదీ ఒకటి. చేతికి దొరికినదానితోనే సరిపెట్టుకుంటూ దర్జాగా బతికే పేదల సౌందర్యదృష్టి గురించి రాసిన మనిషి ఆయన. స్క్రీన్ ప్రింట్ అంటే ఒక్కటి కాదు, పదులు, వందలు అని మీరే ప్రతి వారం చెబుతారు. అన్ని ప్రతుల్లో ఒకటి వాషింగ్టన్‌లో గాజు వెనక ఉంటే, మిగిలినవాటిని గోడకు అంటించకుండా మిమ్మల్ని ఎవరు ఆపారు?

బాబాయి: లైటు ఆపింది. కాగితం మీది రంగు వెలిసిపోతుందని ఆ గదుల్లో వెలుతురు 50 లక్స్ దగ్గర, అంటే బాగా మసకగా, ఉంచుతారు, కొన్ని నెలలు చూపించి మళ్ళీ ఏళ్ళ తరబడి చీకటి సొరుగులో పెడతారు. ఎండలో నిలబడి పనిచేసిన కూలీల గురించి వేసిన బొమ్మను సొరుగులో పెట్టడం నాకు మింగుడుపడదు. మా ప్రెస్సులో ఏడాదికోసారి పాత పెళ్ళికార్డులు ఎండలో పెట్టి ఏ ఇంకు నిలుస్తుందో చూసేవాళ్ళం. నలుపు ఎప్పుడూ నిలిచేది, దానిని ఆఖరున వేసేవాళ్ళం, ముందు వేసిన రంగులు వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఆ నల్ల గీత కప్పేసేది. మోసం చేసేదల్లా మూడో రంగే.

అమ్మాయి: బాబాయ్ మూడో రంగు మాట ఎత్తుతారా అని పందెం కాసిన ఫ్రీమాంట్ శ్రోతలు ఇప్పుడు లెక్క చూసుకోవచ్చు.

బాబాయి: వాళ్ళకు గుడివాడ కార్డు కథ కూడా చెప్పమంటావా?

అమ్మాయి: వద్దు, అది రెండుసార్లు చెప్పారు. మీ సొరుగు మాటకు నా జవాబు ఒకటే. స్మిత్‌సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం 2020 నవంబరులో చికానో ముద్రాచిత్రాల పెద్ద ప్రదర్శన మొదలుపెట్టింది, కోవిడ్ వల్ల కొద్ది రోజులకే తలుపులు మూసుకోవలసివచ్చింది, మరుసటి ఏడాది తిరిగి తెరిచింది. సొరుగుల్లోంచి వాటిని తీసి ఒక్కచోట పెట్టినందువల్లే ఒక వరస కనబడింది. రూపర్ట్ గార్సియా 1969లో క్రీమ్ ఆఫ్ వీట్ డబ్బా మీది నల్లజాతి వంటవాడి బొమ్మను తీసుకుని, ఇక చాలని అరిచే పోస్టరు చేశారు. 1968, 69ల్లో శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీ సమ్మెలో అరెస్టయిన విద్యార్థుల జామీను డబ్బు కోసం పోస్టర్లు అచ్చువేసి అమ్మినవాళ్ళలో ఆయన ఒకరు. పదమూడేళ్ళ తర్వాత హెర్నాండెజ్ ఎండుద్రాక్ష డబ్బా తీసుకున్నారు. అంగడి సరుకుల బొమ్మలనే కళగా చూపే పాప్ ఆర్ట్‌కు పేరుపడిన ఆండీ వార్హోల్ సూప్ డబ్బాను ఉన్నదున్నట్టు చూపించి ఊరుకున్నారు, వీళ్ళు ఆ డబ్బాలోకి సరుకు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అడిగారు. పాప్ ఆర్ట్‌లో నాకు నచ్చే సగం ఇదే.

బాబాయి: వార్హోల్ 1962లో లాస్ ఏంజెలెస్‌లో చూపించిన ఆ 32 సూప్ డబ్బాలు స్క్రీన్ ప్రింట్లు కావు, చేత్తో వేసినవి. స్క్రీన్ ఆ తర్వాతే పట్టుకున్నాడు. శ్రోతలు తరచూ తప్పు రాస్తుంటారు కాబట్టి చెబుతున్నాను.

అమ్మాయి: మీరు అంత ఇష్టపడే, లోస్ ఫోర్‌లోని ఫ్రాంక్ రొమేరో గురించి ఒక్క మాట అడగనా? పాత్రికేయుడు రూబెన్ సాలజార్ మరణం మీద ఆయన 1986లో వేసిన చిత్రం సుమారు ఆరడుగుల ఎత్తు, పదడుగుల వెడల్పు ఉంటుంది. దానిని ఏ గోడకు మైదా జిగురుతో అంటిస్తారు?

బాబాయి: ఆ బొమ్మ దగ్గర నేను హాస్యమాడలేను.

అమ్మాయి: నేనూ ఆడడం లేదు.

బాబాయి: 1970 ఆగస్టు 29న ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా వేల మంది చికానోలు ఊరేగింపు తీశారు. పోలీసులు దానిని చెదరగొట్టాక, ఆ వార్త సేకరిస్తున్న సాలజార్ సిల్వర్ డాలర్ అనే బారులో కూర్చున్నాడు. షెరీఫ్ డిప్యూటీ బయటి నుంచి లోపలికి కాల్చిన బాష్పవాయు గుండు తలకు తగిలి చనిపోయాడు. దానికి ఎవరి మీదా కేసు నడవలేదు. రొమేరో ఆ వీధిని గులాబి, నీలం, పసుపు రంగుల్లో, పండుగ వీధిలా వేశాడు. మొదటిసారి చూసినప్పుడు ఆ రంగులు నాకు కోపం తెప్పించాయి. ఎంతోసేపు నిలబడ్డాక, ఆ పూట అక్కడివాళ్ళు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చారని, చావు వచ్చేదాకా అది పండుగలాంటి రోజేనని తోచింది.

అమ్మాయి: మీరు ఎంతోసేపు నిలబడగలిగింది ఎక్కడ?

బాబాయి: మ్యూజియంలోనే. అయితే ఏమిటి? అది కాన్వాసు, కాగితం కాదు. కాన్వాసు విషయంలో నేను వాదించలేదు.

అమ్మాయి: సరే, సమయం తక్కువగా ఉంది కనుక చూడదగిన చోట్లు త్వరగా చెప్పేస్తాను. కాలిఫోర్నియా దక్షిణాన రివర్‌సైడ్‌లోని చీచ్ కేంద్రం, ఒకప్పటి పట్టణ గ్రంథాలయ భవనంలో ఉంది, లోపల దె లా తోర్రే సోదరులు చేసిన రెండంతస్తుల లెంటిక్యులర్ దేవత మీరు నడుస్తున్న కొద్దీ రూపం మారుస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్‌ను సిస్టర్ కరెన్ బొకలేరో అనే సన్యాసిని, కార్లోస్ బ్వేనో, అంతోనియో ఇబాన్యెజ్‌లతో కలిసి 1970లో ఒక గరాజులో మొదలుపెట్టారు. ఆమె కొరీటా కెంట్ అనే మరో సన్యాసిని దగ్గర స్క్రీన్ ప్రింటింగ్ నేర్చుకున్నారు.

బాబాయి: నా గుడి అది. కళాకారులను పిలిచి, స్క్రీన్ పట్టే నిపుణుడిని పక్కన పెట్టి, అచ్చైన ప్రతుల్లో వాటా కళాకారుడికీ వాటా సంస్థకూ ఇచ్చే పద్ధతి వాళ్ళది. అక్కడ ఇంకు వాసన వస్తుంది. ప్రతి అడుగున పెన్సిల్‌తో సంఖ్య వేయడం మాత్రం నాకు నచ్చదు. పోస్టరుకు సంఖ్య ఎందుకు?

అమ్మాయి: సంఖ్య వేసి అమ్మితేనే తర్వాతి కళాకారుడికి ఇంకు కొనగలుగుతారు కాబట్టి. ఉత్తరాదిన శాన్ ఫ్రాన్సిస్కో మిషన్ ప్రాంతంలో బామీ ఆలీ అనే సందు ఉంది, అక్కడి గోడచిత్రాలు చూడడానికి టికెట్టు లేదు. మళ్ళీ దక్షిణాన శాన్ డియేగోలో కొరొనాడో వంతెన కింద, స్తంభాల మీద గోడచిత్రాలతో చికానో పార్కు ఉంది. 1970 ఏప్రిల్ 22న పోలీసు స్టేషను కట్టబోతున్న ఆ స్థలాన్ని జనం ఆక్రమించుకుని పార్కుగా నిలబెట్టుకున్నారు.

బాబాయి: ఈ రెండూ నా పక్షం. హాలీవుడ్ వైన్ మెట్రో స్టేషను కూడా చేర్చు, దానిని రూపొందించింది నువ్వు చెప్పిన లోస్ ఫోర్‌లోని లుహానే. నేలకు దగ్గరగా దించి అలంకరించే లోరైడర్ కార్ల ఆకారంలో బెంచీలు, కప్పు నిండా సినిమా రీళ్ళు. దాని మీద కూర్చుని రైలు కోసం ఎదురుచూస్తావు, కాపలాదారు లేడు, గాజు లేదు, టికెట్టు లేదు.

అమ్మాయి: మెట్రోకు టికెట్టు ఉంటుంది బాబాయ్.

బాబాయి: అది రైలుకు. బొమ్మకు కాదు.

అమ్మాయి: ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళాలంటే ముందు గేటు దాటాలి కదా?

బాబాయి: నువ్వు ఆ రికార్డింగ్ కట్టెయ్, ఈ సంగతి భోజనం దగ్గర తేలుద్దాం.