ఏడాది వాడిన అతుకుల బొంత: కొన్న సామాన్లలో ఏది పనికొచ్చింది, ఏది దండగ

నమస్కారం అండి. ముందు ఈ బొంత చూడండి. కెమెరా దగ్గరికి తెస్తున్నాను... ఇదిగో. కొత్తగా కుట్టి మడత పెట్టింది కాదిది. ఏడాదిగా మా పిల్లలు దీని మీద దొర్లారు, కూర్చుని జామకాయలు తిన్నారు, రెండు కుర్చీల మీద కప్పి ఇల్లు కట్టుకున్నారు. పదకొండు సార్లు ఉతికాను. కుట్టిన రోజు ఏ బొంతైనా ముద్దుగానే ఉంటుంది కాబట్టి, అప్పుడు రివ్యూ చెయ్యలేదు. ఇవాళ చేస్తున్నాను.

నేను టైలర్ని కాదు, స్కూల్లో లెక్కలు చెప్తాను. ఇంట్లో కాలితో తొక్కే పాత నల్ల మిషన్ ఉంది, తర్వాత దానికి మోటార్ పెట్టించాం. జాకెట్టు వదులు చెయ్యడం, యూనిఫాం కుట్లు ఊడితే వెయ్యడం, దిండు గలేబులు, అంతవరకే నా పనితనం. మరి ఈ బొంత ఎందుకంటే, మా కింద వాటాలో లేడీస్ టైలర్ ఉంది. జాకెట్లు కత్తిరించాక మిగిలిన ముక్కలన్నీ సంచుల్లో పెట్టి చెత్తబండికి వేస్తుంటే చూడలేకపోయాను. ఒక సంచి అడిగాను. ఆవిడ మూడు ఇచ్చింది.

ఆ సంచి తెరిచాక మొదట చెయ్యాల్సింది కుట్టడం కాదు, ఏరడం. లైనింగ్ కాటన్, టూ బై టూ, పట్టు, జార్జెట్, జరీ అంచు, అన్నీ కలిసిపోయి ఉంటాయి. చేతికి నూలులా అనిపించేవన్నీ నూలు కాదు. అనుమానం వస్తే ఒక పోగు పట్టకారుతో పట్టుకుని స్టవ్ మంటకి చూపించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా తయారవుతుంది. జరీ ముక్కలు అందంగా ఉన్నాయని ఆశపడకండి, పడుకుంటే వీపు గీరుకుంటుంది.

సరే, సామాను. మొదటిది రోటరీ కట్టర్. పిజ్జా కోసే చక్రంలా ఉంటుంది, బ్లేడు 45 మిల్లీమీటర్లు. దీన్ని 1979లో జపాన్ కంపెనీ ఓల్ఫా తెచ్చింది, అది కూడా బట్టలు కుట్టేవాళ్ళ కోసం. తర్వాత క్విల్టులు, అంటే మన బొంతల్లాంటివి, కుట్టేవాళ్ళు దీన్ని వదల్లేదు. నాది ఆ కంపెనీది కాదు, పేరు లేని 480 రూపాయల రకం. దీనితో పాటు కింద వేసుకునే మ్యాట్ 750, గీతలున్న అక్రిలిక్ స్కేలు 320.

ఇవి కొనకముందు నేను శుభలేఖ అట్ట ఐదంగుళాల చదరంగా కత్తిరించుకుని, పెన్సిల్‌తో గీసి, కత్తెరతో కోసేదాన్ని. అది తప్పు పద్ధతేం కాదు. కానీ గీత మందం ఒకటి, కత్తెర గీతకి ఇవతల పోయిందా అవతల పోయిందా అన్నది ఒకటి, కొన్నాళ్ళకి అట్ట మూలలు అరిగిపోవడం ఇంకొకటి. ఈ తేడాలు చిన్నవే కదా అనుకుంటాం. ఇక్కడ నన్ను కాస్త లెక్కల టీచర్‌గా మాట్లాడనివ్వండి.

ఐదంగుళాల ముక్కకి నాలుగు వైపులా పావంగుళం కుట్టులోకి పోతే, పైకి కనిపించేది నాలుగున్నర. అడ్డంగా 13, నిలువునా 20 పెట్టాను. మొత్తం 260 ముక్కలు. బొంత కొలత 58 అంగుళాలన్నర బై 90. ఒక మనిషి మంచానికి సరిపోయేంత. ఇప్పుడు మీరు ప్రతి కుట్టూ అర నూలు లోపలికి వేశారనుకోండి. నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, వడ్రంగులు వాడే కొలత. రెండు ముక్కల్లోనూ పోతుంది కాబట్టి ఒక్కో కుట్టుకి ఒక నూలు తగ్గుతుంది. అడ్డ వరసలో 12 కుట్లు. 12 నూళ్ళు, అంటే అంగుళన్నర హుష్ కాకి! ఒక వరస అలా, పక్క వరస సరిగ్గా వస్తే ఇక రెండూ కలవవు. లాగి కలిపితే బొంత మధ్యలో బుంగ లేస్తుంది. నాకు లేచింది. ఇదిగో ఈ మూల దగ్గర పట్టుకుని చూపిస్తున్నాను, అప్పడంలా ఎలా పొంగిందో చూడండి. ఇవి కత్తెర రోజుల నాటి వరసలు. ఇటువైపు బల్లపరుపుగా ఉన్నవి కట్టర్ కొన్నాక వేసినవి.

కాబట్టి ఈ మూడూ కొనుక్కోండి. మూడూ కలిపే కొనాలి. మ్యాట్ లేకుండా కట్టర్ వాడితే డైనింగ్ టేబుల్ మీద జీవితాంతం గీతలు మిగుల్తాయి. ఒక హెచ్చరిక: మ్యాట్‌ని ఎండలో వదిలెయ్యకండి. నేను మే నెలలో బాల్కనీ గోడకి ఆనించి మర్చిపోయాను. సాయంత్రానికి చేపలా వంకర తిరిగింది. బరువులు పెట్టినా పూర్తిగా చదునవ్వలేదు. పిల్లలున్న ఇంట్లో కట్టర్ పని అవగానే బ్లేడు మీద మూత వెయ్యాలని నేను చెప్పక్కర్లేదు, అయినా చెప్తున్నాను. దాని పదును కూరగాయల కత్తి పదును లాంటిది కాదు.

తర్వాతది డబ్బులు పెట్టి కొన్నది కాదు. అయినా ఈ మొత్తంలో నాకు ఎక్కువ మార్కులు వెయ్యాలనిపించేది దీనికే. బిస్కెట్ల రేకు డబ్బా. తెరిస్తే సూదీదారాలుండే డబ్బా మీ ఇంట్లోనూ ఉంటుంది. అలాంటిది ఒకటి మిషన్ పక్కనే పెట్టి, ముక్కల్ని జతలుగా పేర్చి ఉంచాను. స్కూలు నుంచి వచ్చి, పిల్లలకి పెట్టి, పేపర్లు దిద్ది, ఆ తర్వాత బొంత కుడదాం అని కూర్చోవడం మన వల్ల కాదండి. నేను విడిగా బొంత కోసం కూర్చోలేదు. జాకెట్టుకో యూనిఫాంకో కుట్టు వేస్తాం కదా, ఆ కుట్టు అయ్యాక దారం తెంపకుండా, పాదం కిందకి బొంత ముక్కల జత ఒకటి తోసేదాన్ని. దాన్ని అక్కడే వదిలి, వెనక ఉన్న జాకెట్టుని కత్తిరించుకునేదాన్ని. మళ్ళీ కుట్టాల్సి వచ్చినప్పుడు ఆ జత మీంచే మొదలు.

ఇందులో మిషన్‌కీ లాభం ఉంది. ఖాళీ పాదం కింద కుట్టు మొదలుపెడితే దారం కింద పిచ్చుక గూడు కట్టడం మీకందరికీ తెలుసు. ముందే ఒక గుడ్డ ఉంటే ఆ గొడవ లేదు, దారం కొసలూ వృథా కావు. 260 ముక్కలంటే 130 జతలు. నిలువు వరసకి పది జతలు, అలాంటివి 13 వరసలు. ఒకరోజు నాలుగు, ఒకరోజు సున్నా. పరీక్షల నెలలో అసలు డబ్బా మూతే తియ్యలేదు. అయినా దసరా సెలవుల్లో మొదలుపెడితే సంక్రాంతి దాటేసరికి జతలన్నీ అయిపోయాయి. ఎప్పుడయ్యాయో నాకే గుర్తు లేదు.

రోజువారీ పనుల్లో ఇమడని దశ ఒక్కటే ఉంది. పైభాగం, మధ్య పొర, అడుగు గుడ్డ మూడూ నేల మీద పరిచి ముడతల్లేకుండా కలపడం. హాల్లో సోఫా జరపాలి, నేల తుడవాలి, ఎవరూ నడవకూడదు. పిల్లల్ని మా అత్తయ్య వాళ్ళింటికి పంపిన ఆదివారం చేశాను. పొడవాటి కచ్చా కుట్లు వేసుకోవచ్చు. నేను పిన్నీసులు పెట్టాను, జానెడు దూరానికి ఒకటి. వంద పైనే పట్టాయి. మోకాళ్ళు పట్టేశాయి, అది వేరే.

వాకింగ్ ఫుట్ అని మిషన్‌కి తగిలించే పాదం, 550 రూపాయలు. మిషన్ కింద ఉన్న పళ్ళు అడుగు గుడ్డనే ముందుకు లాగుతాయి. పైన ఉన్న పొర వెనకబడి ముడత పడుతుంది. ఈ పాదం పై పొరనీ పట్టుకుని లాగుతుంది. బాగా పనిచేసింది. చప్పుడు మాత్రం పిండిమర చప్పుడే. పొరల్ని మిషన్ మీదే కలపాలనుకుంటే కొనండి, చేత్తో కుట్టేవాళ్ళకి అక్కర్లేదు.

ఇక దండగ ఖర్చు. పాలిస్టర్ దూది షీటు. సోఫాల షాపులో మీటరు 160, రెండున్నర మీటర్లకి 400 అయింది. నేను చూసిన అమెరికా వీడియోలన్నిట్లో మధ్యలో ఇలాంటి పొర ఒకటి వేస్తారు. వాళ్ళకి మంచు పడుతుంది. మా తెనాలిలో ఎవరికి మంచు పడుతుందండీ? మా అత్తయ్య చూడగానే అంది, “బొంతంటే కింద పరుచుకునేదమ్మా, దీని మీద పడుకుంటే ఉడికిపోతారు” అని. నేను విన్లేదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈ బొంత బీరువా మీదే ఉంది. అంతేకాదు, ఇక్కడ ఈ ముదురు నీలం ముక్క మీద తెల్లటి నూగు కనిపిస్తోందా? అది దుమ్ము కాదు. లోపలి పాలిస్టర్ పోగులు గుడ్డ నేతలోంచి బయటికి వస్తున్నాయి. ఉతికిన కొద్దీ ఎక్కువవుతోంది.

దాని బదులు ఏం వెయ్యాలి? పాత నూలు చీరలు, మన పెద్దవాళ్ళు వేసినవే. చీర ఐదున్నర మీటర్లు, అంటే దాదాపు 216 అంగుళాలు. అందులోంచి 90 అంగుళాలవి రెండు ముక్కలు వస్తాయి. పక్కపక్కన పెడితే 92 అంగుళాల వెడల్పు. రెండు చీరలకి 184. బొంత వెడల్పు దాదాపు 60, దాంతో భాగించండి, మూడు పొరలు. నాలుగొందలు మిగులు. పైగా నూలు చెమట పీల్చుకుంటుంది.

దీన్ని నేను పరీక్షించి చూశాను కూడా. ఇదిగో ఈ రెండోది. చిన్నది, 36 బై 45. మా చెల్లెలి పాప కోసం కుట్టాను. ఇందులో మిషన్ కుట్టు ఒక్కటీ లేదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా, ఎల్లాపూర్, హళియాళ్ వైపు అడవుల దగ్గర సిద్దీలు ఉంటారు. కొన్ని వందల ఏళ్ళ కిందట ఆఫ్రికా నుంచి మన దేశానికి వచ్చినవాళ్ళ సంతతి. ఆ ఆడవాళ్ళు కుట్టే బొంతల్ని కవంది అంటారు. నేను నకలు కొట్టింది ఆ పద్ధతిని.

వాళ్ళు అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి వస్తారు. అడుగున పాత చీర పరిచి, ముక్క అంచుల్ని లోపలికి మడిచి దాని మీద పెట్టి, కుట్టుకుంటూ చుట్టూ తిరుగుతారు. చివరికి మధ్యలో పని ముగుస్తుంది. ఇందులో సుఖం ఏంటంటే, కొలతలు లేవు. 260 ముక్కలు ముందే కోసి పెట్టుకోవడం లేదు. ముక్కని అతికించే కుట్టూ, పొరల్ని కలిపే కుట్టూ ఒకటే. ఆ నేల మీద పరిచే ఆదివారం కూడా ఉండదు. ఒళ్ళో పెట్టుకుని సీరియల్ చూస్తూ కుట్టొచ్చు, పాప టీకాకి వెళ్ళినప్పుడు ఆసుపత్రి వరండాలో కుట్టొచ్చు. మూలల్లో ఇలా గుడ్డని తిరగమడత పెట్టి కుడతారు, దీన్ని ఫులా అంటారు, పువ్వు అని అర్థం. నా పువ్వులు కాస్త సమోసాల్లా వచ్చాయి.

కష్టం కూడా చెప్పాలి కదా. నాలుగు పొరలు గుచ్చేసరికి వేలికి లోహపు తొడుగు లేకపోతే మంట. మిషన్ బొంతలో మూడో వంతు కూడా లేదు, అయినా ఐదు నెలలు పట్టింది. కానీ పాప పక్కలో నుంచి దీన్ని తియ్యనివ్వడం లేదని మా చెల్లెలు చెప్తోంది. ఇవాళ వీడియో కోసం అడిగి తెచ్చుకున్నాను, సాయంత్రానికి ఇచ్చెయ్యాలి.

మళ్ళీ పెద్దదానికి వద్దాం. ఏడాదిలో ఏమేం పాడయ్యాయో చూపిస్తాను. ఈ తెల్ల ముక్కలు గులాబీ రంగులో ఉన్నాయి కదా, కుట్టినప్పుడు అలా లేవు. పక్కనున్న మెరూన్ లైనింగ్ పుణ్యం. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు దిగదు అంటారు. నానబెట్టాను. దిగింది. ఇప్పుడు ముదురు రంగు ముక్క ప్రతిదాన్నీ తడిపి, తెల్ల గుడ్డ మధ్య పెట్టి వేడి ఇస్త్రీతో నొక్కి చూస్తున్నాను. తెల్ల గుడ్డకి అంటితే ఆ ముక్క బొంతలోకి రాదు. ఎంత నచ్చినా సరే.

రెండోది, ఈ చిరుగు. ఇది మా అమ్మ వెంకటగిరి చీర ముక్క. ఇరవై ఏళ్ళు కట్టిన చీర, ఉల్లిపొరలా అయింది. దాని పక్కన గట్టి కొత్త లైనింగ్ కుట్టాను. పిల్లలు లాగినప్పుడు కొత్తది సాగలేదు, పాతది తెగింది. తప్పు చీరది కాదు, పక్కన కూర్చోబెట్టిన నాది. పాతవి పాతవాటితోనే ఉంచాలి. లేదా అలాంటి ముక్క వెనక పల్చటి గుడ్డ వేసి బలం ఇవ్వాలి. దీని మీద ఇంకో ముక్క వేసి కుట్టాను. అతుకు మీద అతుకు. టీవీలో రాజకీయాల వాళ్ళు అతుకుల బొంత, అతుకుల బొంత అని తిట్టుకుంటూ ఉంటారు. వాళ్ళెవరూ ఒక్క అతుకు కూడా వేసి ఉండరు.

పట్టు ముక్కలు మూడు పెట్టాను, మూడూ అంచుల దగ్గర పోగులు ఊడిపోయాయి. వాటి గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

మొత్తం ఖర్చు 2,500 రూపాయలు. దారం ఇంట్లో ఉన్నదే, ముక్కలు ఉచితం, అడుగున పాత దుప్పటి. మళ్ళీ చేస్తే 400 దూది షీటు తీసేస్తాను. చేత్తో కుట్టాలనుకునేవాళ్ళకి 550 కూడా అక్కర్లేదు. సిద్దీల పద్ధతిలో వెళ్తే సూది, దారం, కత్తెర, వేలి తొడుగు, అంతే. ఇంట్లో మిషన్ ఉండి, రోజూ ఏదో ఒకటి కుట్టేవాళ్ళయితే చదరాల బొంత మొదలుపెట్టండి. మిషన్ లేకపోతే బొంత కోసం కొనకండి, కవంది కుట్టండి. మొదటిసారే మంచం కొలతకి పోకండి, చంటిపిల్లల కొలత చాలు.

చాలామంది అడిగేది ఇంకొకటి, ఎలా ఉతుకుతారు అని. మా వాషింగ్ మిషన్‌లో ఈ పెద్దది పట్టినా తిరగదు. బాత్రూంలో టబ్బులో నానబెట్టి కాళ్ళతో తొక్కుతాను. పిండడం కుదరదు, మేడ మీద పిట్టగోడకి వేసి నీళ్ళు కారనిస్తాను. ఎండ బాగుంటే సాయంత్రానికి ఆరుతుంది, మబ్బు పడితే రెండు రోజులు. ఇవాళ పొద్దున్నుంచీ ఎండ కాస్తోంది, ఇది పన్నెండో ఉతుకు. తడిశాక నేనొక్కదాన్నే మేడ మీదికి మొయ్యలేను, మా ఆయన ఆఫీసుకి బయల్దేరేలోపు పట్టుకోవాలి. ఉంటానండి.