బోర్యే సాల్మింగ్: దెబ్బలు తిని దారి వేసినవాడు

అందరికీ నమస్కారం. ఇవాళ నేను మాట్లాడబోయేది స్వీడన్ ఐస్ హాకీ ఆటగాడు బోర్యే సాల్మింగ్ గురించి. ఆయన డిఫెన్స్‌మన్, అంటే గోల్‌కీపర్ ముందు కాపలా ఉండే ఇద్దరిలో ఒకరు. గోల్ కొట్టినవాడి పేరు అందరికీ గుర్తుంటుంది, గోల్ పడకుండా ఆపినవాడి పేరు ఎవరికీ పట్టదు. అలాంటి చోట ఆడి కూడా టొరంటో లాంటి నగరాన్ని గెలుచుకున్నాడనే నాకు ఈయనంటే అంత ఇష్టం.

1951లో స్వీడన్ ఉత్తర కొసన, ఇనుప గనుల ఊరు కిరునా ప్రాంతంలో పుట్టారు. తండ్రి సామీ, అంటే ఆ చలి నేల మీద తరతరాలుగా ఉంటున్న ఆదివాసులకు చెందినవారు. బోర్యేకి ఐదేళ్ళప్పుడు గని ప్రమాదంలో ఆయన చనిపోయారు. అన్న స్టిగ్ కూడా హాకీ ఆడేవాడు, తమ్ముడికి చిన్నప్పటి నుంచీ అతనే ఆదర్శం. తర్వాత ఇద్దరూ బ్రూనెస్ క్లబ్‌కి ఆడారు, 1971, 1972ల్లో బోర్యే ఆ జట్టుతో స్వీడన్ చాంపియన్ అయ్యారు.

అప్పట్లో ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే ఉత్తర అమెరికాలోని పెద్ద హాకీ లీగ్‌లో, దాదాపు అందరూ కెనడా వాళ్ళే. యూరప్ వాళ్ళకి, ముఖ్యంగా స్వీడన్ వాళ్ళకి, ఆట వచ్చు గానీ దమ్ము లేదు, రెండు తగిలిస్తే పారిపోతారు అని గట్టి నమ్మకం. ఆ లీగ్‌లో ఆడే టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టుకి కొత్త ఆటగాళ్ళని వెతికే స్కౌట్ అసలు ఒక గోల్‌కీపర్ని చూడటానికి స్వీడన్ వెళ్ళి, ఈ కుర్రాణ్ణి చూసి ఆగిపోయాడు. అలా 1973లో బోర్యే, మరో స్వీడన్ ఆటగాడు ఇంగె హామర్‌స్ట్రోమ్ ఇద్దరూ టొరంటో వచ్చారు.

రెండో మ్యాచే ఫిలడెల్ఫియాలో పడింది. ఆ జట్టు కొట్లాటలకి పెట్టింది పేరు. కర్రలతో పొడిచారు, గోడకేసి గుద్దారు, బూతులు తిట్టారు. ఈయన ఒక్క అడుగు వెనక్కి వేయలేదు, పైగా కలబడ్డారు కూడా. ఆ తర్వాత చాలా ఏళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఇదే పరీక్ష. మనం తేలిగ్గా ‘మొదటి తరం స్టార్’ అనేస్తాం గానీ, ఆ మొదటి తరం అనే మాటకి ఒంటి మీద ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కేయం.

ఆయన ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చేది షాట్‌కి అడ్డం పడటం. పక్ అంటే 170 గ్రాముల గట్టి రబ్బరు బిళ్ళ, బలంగా కొడితే గంటకి 150 కిలోమీటర్లు దాటి వస్తుంది. ఎదుటివాడు కర్ర ఎత్తగానే ఈయన మంచు మీద ఒళ్ళంతా పరిచేసేవారు. అది తగిలి ఆగాక లేచి, అదే పక్ తీసుకుని తనే ముందుకి దూసుకెళ్ళి, గోల్ కొట్టేవాడికి అందించేవారు. 1986లో గోల్ ముందు గుంపులో కిందపడ్డప్పుడు ఒకరి స్కేట్ మొహం మీద పడి కోసుకుపోయింది. 200కి పైగా కుట్లు పడ్డాయి. మళ్ళీ వచ్చి ఆడారు!

1976లో, దేశాల జట్లు ఆడే కెనడా కప్‌లో స్వీడన్ తరఫున, కెనడాకి వ్యతిరేకంగా, టొరంటోలోనే దిగారు. పేరు పిలవగానే స్టేడియం మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, సొంత దేశపు ప్రత్యర్థికి! మూడేళ్ళ క్రితం స్వీడన్ వాళ్ళకి దమ్ము లేదన్న హాకీ లోకం ఇదే.

ఎన్‌హెచ్‌ఎల్ చాంపియన్‌కిచ్చే స్టాన్లీ కప్ మాత్రం ఆయనకి ఎప్పుడూ దక్కలేదు. లీఫ్స్ యాజమాన్యం ఆ రోజుల్లో జట్టుని సరిగా నడిపి ఉంటే కథ వేరేగా ఉండేదని నా గట్టి అభిప్రాయం. చివరి సీజన్ డెట్రాయిట్‌లో ఆడి, స్వీడన్ తిరిగెళ్ళి, నలభై ఏళ్ళ వయసులో 1992 ఒలింపిక్స్‌లో కూడా ఆడారు. 1996లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మొదటి స్వీడన్ ఆటగాడు ఆయనే. తర్వాత అదే డెట్రాయిట్‌లో ఏడుసార్లు నోరిస్ ట్రోఫీ, అంటే లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్‌మన్ బహుమతి, గెలిచిన నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్‌ని ‘స్వీడన్ వాడు, తట్టుకోగలడా’ అని అడిగే అవసరం ఎవరికీ రాలేదు.

2022లో ఏఎల్ఎస్ వచ్చింది, నరాలు చచ్చుబడి కండరాలు పనిచేయని జబ్బు. ఆ నవంబరులో టొరంటో వచ్చారు. మాట పడిపోయింది, చెయ్యి లేవడం లేదు. పాత కెప్టెన్ డారిల్ సిట్లర్ ఆ చేతిని పట్టుకుని పైకెత్తాడు, ఇద్దరూ ఏడ్చారు. ఆ వారాంతంలోనే లీఫ్స్ ఒక మ్యాచ్‌ని గోల్‌కీపర్‌తో సహా ఆరుగురు స్వీడన్ వాళ్ళతో మొదలుపెట్టింది. ఆ నెల 24న ఆయన పోయారు, 71 ఏళ్ళు.

మేపుల్ లీఫ్స్‌కి అత్యధిక అసిస్టుల, అంటే గోల్‌కి దారితీసిన పాసుల, రికార్డు, 620, ఇప్పటికీ ఆయనదే. గోల్ కొట్టడమే పనిగా ముందు ఆడే ఫార్వర్డ్‌లెవరూ ఇంకా దాన్ని దాటలేదు. ఇక మీ ప్రశ్నలు అడగండి.