మనుషులను ‘సంకరం’ అనవచ్చా? – భాషా సందేహాల ఫోన్-ఇన్ కార్యక్రమం

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. తిరుపతి స్టూడియో నుంచి ప్రసారమవుతున్న భాషా సందేహాల కార్యక్రమానికి స్వాగతం. వేర్వేరు జాతులకు చెందిన తల్లిదండ్రుల సంతానాన్ని ఏ మాటతో పిలవాలన్నది నేటి అంశం. సమాధానాలు ఇవ్వడానికి, తెలుగు ఆచార్యులుగా పనిచేసి పదవీ విరమణ చేసిన పెద్దలు మనతో ఉన్నారు. మొదటి ఫోను చిత్తూరు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (చిత్తూరు): నమస్కారం సార్. మా అమ్మాయి గుంతకల్లు రైల్వే కాలనీలో పెరిగిన ఆంగ్లో ఇండియన్ అబ్బాయిని పెళ్లి చేసుకుంది. వాళ్లకు ఒక పాప. మా బంధువుల్లో ఒకాయన, బాగా చదువుకున్నవారే, ఆ పాపను ‘సంకరజాతి పిల్ల’ అంటున్నారు. నేను తప్పుబడితే, నిఘంటువులో ఉన్న మాటే కదా, సంకరమంటే కలయికే కదా అని వాదిస్తున్నారు. ఆయనకు ఏమని బదులు చెప్పాలి?

ఆచార్యులు: నమస్కారమమ్మా. సంకరమంటే కలయిక అన్న మాట నిజమే కానీ, మనుషుల విషయంలో ఆ పదం ఉత్త కలయిక అనే అర్థంతో ఆగిపోలేదు. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు యుద్ధం వల్ల కులానికి వాటిల్లే కీడులను ఏకరువు పెడుతూ వర్ణసంకరాన్ని కూడా వాటిలో చేర్చాడు; అంటే అప్పటికే అది చెడిపోవడానికి మారుపేరు. ఇక ఈ రోజుల్లో ఆ మాట మీ చిత్తూరు వైపు ఎక్కడ వినిపిస్తుందో మీరే గమనించండి. పాల కేంద్రం దగ్గర, పశువుల ఆసుపత్రి దగ్గర ‘సంకరజాతి ఆవు’ అంటారు, విత్తనాల అంగడిలో ‘సంకర వంగడం’ అంటారు. పాల దిగుబడి కోసమో పంట దిగుబడి కోసమో మనిషి పూనుకొని కలిపిన వాటికి ఆ మాట సరిపోతుంది. ఇష్టపడి పెళ్లాడిన దంపతుల బిడ్డను ఆ లెక్కలో చేర్చడం అవమానమే. మీ బంధువుగారికి ఈ తేడా తెలియదని నేను అనుకోను.

శ్రోత (చిత్తూరు): మరి ఎవరైనా అడిగితే పాపను ఏమని చెప్పాలి సార్? ఆంగ్లో ఇండియన్ అనవచ్చా?

ఆచార్యులు: చట్టప్రకారం అనవచ్చు. రాజ్యాంగం 366వ అధికరణం రెండవ ఖండం ప్రకారం, తండ్రి గానీ తండ్రి వైపు మగ పూర్వీకులలో మరొకరు గానీ ఐరోపా సంతతివారై ఉండాలి. ఆ వ్యక్తి ఈ దేశంలో స్థిరపడి, తాత్కాలికంగా కాక ఇక్కడే నివాసమున్న తల్లిదండ్రులకు ఇక్కడే పుట్టి ఉండాలి. మీ అల్లుడుగారి వంశాన్ని బట్టి పాపకు ఆ పేరు వర్తిస్తుంది. అదే మీ అబ్బాయి ఆంగ్లో ఇండియన్ అమ్మాయిని చేసుకొని ఉంటే, వారి బిడ్డకు తల్లిని బట్టి ఆ పేరు వచ్చేది కాదు. తల్లిని లెక్కలోకి తీసుకోని ఈ పద్ధతి నాకు సబబుగా తోచదు, కానీ నిర్వచనం అలాగే ఉంది. మరొక సంగతి, ఆ నిర్వచనంలో మతం ఊసే లేదు కాబట్టి దాన్ని మతం పేరుగా ఎక్కడా రాయకండి.

ఈ పేరు కూడా మొదటి నుంచీ వారిది కాదు. పూర్వం ఇక్కడ ఉద్యోగాలు చేసిన తెల్లదొరలనే ఆంగ్లో ఇండియన్లనేవారు, మిశ్రమ సంతతివారిని యురేషియన్లనీ, తక్కువ చూపుతో ‘హాఫ్ కాస్ట్’ అనీ అనేవారు. హార్డింజ్ ప్రభువు వైస్రాయిగా ఉన్న కాలంలో, 1911 జనాభా లెక్కలతో, ఆంగ్లో ఇండియన్ అన్న పేరు అధికారికంగా వీరికి దక్కింది. ఆ పేరును వారే కోరుకున్నారు, అందుకే అది గౌరవంగా నిలిచింది. పాత పుస్తకాలు చదివేవారు మాత్రం ఏ కాలం నాటి అర్థమో చూసుకోవాలి. ఇక ఇంటికి వచ్చినవాళ్లు అడిగితే, పాప తల్లిది చిత్తూరు, తండ్రిది గుంతకల్లు అని చెప్పండి, అంతకు మించి చెప్పవలసిన అవసరం లేదు.

నిర్వాహకురాలు: రేణిగుంట నుంచి మరో శ్రోత ఉన్నారు.

శ్రోత (రేణిగుంట): అయ్యా, నేను రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. చట్టసభల్లో వీరికి నామినేషన్ ఉండేది కదా, అది ఇంకా ఉందా?

ఆచార్యులు: లేదండీ. లోక్‌సభకు ఇద్దరి వరకు రాష్ట్రపతి, శాసనసభకు ఒకరిని గవర్నరు నియమించే వీలు ఉండేది. 104వ రాజ్యాంగ సవరణ తర్వాత, 2020 జనవరి 25 నుంచి దాన్ని కొనసాగించలేదు. 2011 లెక్కల ప్రకారం దేశమంతటా వీరు 296 మందేనని అప్పుడు పార్లమెంటులో చెప్పారు, ఆ అంకెను ఆ సముదాయం వారు ఒప్పుకోలేదు. రైల్వేలో వారితో కలిసి పనిచేసిన మీవంటి ఉద్యోగులకు ఆ అంకె ఎంత నమ్మదగినదో నేను చెప్పనక్కరలేదు.

నిర్వాహకురాలు: తిరుపతి నుంచి విశ్వవిద్యాలయ విద్యార్థిని.

శ్రోత (తిరుపతి): నమస్కారం సార్. పాత అమెరికన్ కథ ఒకటి అనువదిస్తున్నాను. అందులో నల్ల, తెల్ల జాతుల మిశ్రమ సంతానాన్ని పిలిచే ‘మ్యులాటో’ అన్న మాట పదేపదే వస్తోంది. దాన్ని తెలుగులో ఎలా రాయాలి?

ఆచార్యులు: ‘సంకరజాతి’ అని మాత్రం రాయవద్దమ్మా. ఆ మాటకు మూలం కంచరగాడిద అనే అర్థమున్న స్పానిష్, పోర్చుగీసు పదమని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. కాబట్టి సంకరజాతి అని రాస్తే ఒక దేశపు తిట్టుకు మన తిట్టును జతచేసినట్లే. అమెరికా జనాభా లెక్కల్లో అది 1850లో ఒక గడిగా చేరింది, 1930లో తీసివేశారు. అయితే తీసివేసింది గౌరవంతో కాదు, నల్లజాతి రక్తం ఏ కొంచెమున్నా నల్లవారిగానే నమోదు చేయమని ఆదేశించారు. ఒకటి కంటే ఎక్కువ జాతులను గుర్తించుకునే వీలు 2000 లెక్కల్లో గానీ రాలేదు. మీ కథలో పాత్రలు ఆ మాట పలికే చోట ‘మ్యులాటో’ అనే ఉంచండి, ఎందుకంటే ఆ తృణీకారం ఆ కాలానిది, దాన్ని కప్పిపుచ్చకూడదు. కథకుడు తన మాటగా చెప్పే చోట ‘నల్లజాతి తల్లికీ తెల్లజాతి తండ్రికీ పుట్టినవాడు’ అని విడమరచి రాయండి, వాక్యం కాస్త పొడవైనా ఫరవాలేదు.

శ్రోత (తిరుపతి): ‘కలర్డ్’ అన్న మాటకూ ఇదే పద్ధతి పాటించాలా సార్?

ఆచార్యులు: కథ ఏ దేశానిదో ముందు చూడండి. అమెరికాలో అది నల్లవారిని ఉద్దేశించి వాడిన పాత మాట, ఇప్పుడు అంటే నొచ్చుకుంటారు. దక్షిణాఫ్రికాలో 1950 నాటి జనాభా నమోదు చట్టం మిశ్రమ సంతతివారిని ఆ పేరుతో ఒక వర్గంగా విడదీసింది. 1991లో ఆ చట్టం రద్దయింది, అయినా వారిలో చాలామంది నేటికీ తమను తాము ఆ పేరుతోనే చెప్పుకొంటారు. కనుక దక్షిణాఫ్రికా కథలో ‘కలర్డ్’ అని పేరుగానే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట ఒక వాక్యంలో వివరించండి, ‘రంగు మనుషులు’ అని తెనిగించవద్దు.