'సారీ' చొక్కా వేసుకున్న మంత్రి

అందరికీ నమస్కారం.

సభ మొదలుపెట్టేముందు కార్యదర్శిగారు ఒక పేరా చదివారు, విన్నారు కదా. ఈ నేల దరుగ్ అనే ఆదివాసీ ప్రజలది, వాళ్ల పెద్దలకు మన గౌరవం అని. సిడ్నీలో మన ఉగాది సభల్లో పచ్చడి చేతికి రాకముందే ఆ పేరా వచ్చేస్తుంది. అది చదువుతున్నంతసేపూ సగంమందిమి ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకుంటూ ఉంటాం. నేనూ అంతే. దాని వెనక ఎంత కథ ఉందో నాకు మొదట తెలిసింది ఒక రాక్ పాట వల్ల. ఆ పాట పాడినాయన గురించే ఇవాళ నా మాట. పేరు పీటర్ గారెట్.

ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. నున్నటి గుండు. స్టేజీ ఎక్కితే కరెంటు తీగ పట్టుకున్నవాడిలా ఊగిపోతాడు. 1953లో ఈ సిడ్నీలోనే పుట్టాడు, లా చదివాడు. చదువుకునే రోజుల్లోనే, గాయకుడు కావాలని డ్రమ్మర్ రాబ్ హర్స్ట్ వాళ్లిచ్చిన ప్రకటన చూసి వెళ్లి చేరాడు. 1976లో ఆ బృందం పేరు 'మిడ్‌నైట్ ఆయిల్' అయింది. పాటలన్నీ ఈయన ఒక్కడే రాశాడనుకునేరు. హర్స్ట్, గిటార్ వాయించే జిమ్ మోగినీ, ఈయన, ప్రధానంగా ఈ ముగ్గురి చేతి పని అది.

1986లో వీళ్లు వారుంపీ బ్యాండ్‌తో కలిసి ఎడారి ఊళ్లకు బయల్దేరారు. వారుంపీ వాళ్లు అంతకు మూడేళ్ల ముందే ఆదివాసీల లురిచా భాషలో రాక్ పాట రికార్డు చేసినవాళ్లు. ఆ ఎర్రమట్టి ఊళ్లలో జనానికి వాళ్లే స్టార్లు. సిడ్నీ నుంచి వచ్చిన ఈ గుండాయన అక్కడ చుట్టపుచూపుగా వచ్చినవాడే. ఆ ప్రయాణంలోంచి 1987లో 'డీజిల్ అండ్ డస్ట్' ఆల్బమ్ పుట్టింది, అందులో 'బెడ్స్ ఆర్ బర్నింగ్' పాట.

ఆ పాటలో కిన్‌టోర్ అని ఒక ఊరి పేరు వస్తుంది. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న అలిస్ స్ప్రింగ్స్ పట్నానికి పడమరగా ఐదొందల కిలోమీటర్ల పైన ఉంటుంది. పింటుపీ అనే జనం వాళ్ల ఎడారి నుంచి పాపున్యా అనే సెటిల్‌మెంటుకు చేరారు. రాకెట్ ప్రయోగాల కోసం ఖాళీ చేయించినవాళ్లూ అందులో ఉన్నారు. కొత్తచోట ఇమడలేకపోయారు, జబ్బులతో చాలామంది పోయారు. చివరికి 1981లో మిగిలినవాళ్లు తిరిగి తమ నేలకు వెళ్లి కిన్‌టోర్ కట్టుకున్నారు. పాట అడిగేది ఇంతే: ఈ నేల వాళ్లది, అద్దె కట్టండి. మొదటిసారి విన్నప్పుడు, నెలనెలా బ్యాంకుకు కడుతూనే ఉన్నాం కదా అనుకున్నాను. కిస్తీ వేరు, ఆ అద్దె వేరు అని తెలియడానికి నాకు చాలా ఏళ్లే పట్టింది.

గారెట్ పాటతో ఆగే రకం కాదు. 1984లోనే అణ్వస్త్ర వ్యతిరేక పార్టీ తరఫున సెనేట్‌కు నిలబడ్డాడు. ఓట్లు బాగానే వచ్చినా, పెద్ద పార్టీలు తమ ఓటర్ల తర్వాతి ప్రాధాన్య ఓట్లను (ప్రిఫరెన్సులు) ఆయనకు మళ్లించకపోవడంతో ఓడిపోయాడు. 1990లో, అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నూనె ఒలకబోసిన మరుసటేడు, న్యూయార్క్‌లో ఆ ఓడ తాలూకు చమురు కంపెనీ ఎక్సాన్ ఆఫీసు ముందు లారీ నిలిపి, దానిమీదెక్కి కచేరీ చేశారు. మధ్యాహ్నం భోజనానికి బయటికొచ్చిన ఉద్యోగులే శ్రోతలు!

ఇక 2000 అక్టోబరు 1. సిడ్నీ ఒలింపిక్స్ ముగింపు. ప్రధాని జాన్ హోవర్డ్ స్టేడియంలోనే ఉన్నారు. ఆదివాసీ తల్లుల దగ్గర్నుంచి పిల్లల్ని లాక్కుపోయినందుకు ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పనని పట్టుబట్టిన ప్రధాని ఆయన. బృందం స్టేజీ మీదికొచ్చింది. నల్లబట్టల మీద తెల్లటి అక్షరాలు: సారీ. చొక్కా మీదా అదే, ప్యాంటు మీదా అదే. ఉపన్యాసం ఏమీ లేదు. 'బెడ్స్ ఆర్ బర్నింగ్' పాడి దిగిపోయారు.

నాకు ఆసక్తి అంతా ఆ తర్వాతి గారెట్ మీద. 2002లో బృందాన్ని వదిలేశాడు, 2004లో లేబర్ పార్టీ ఎంపీ, 2007లో పర్యావరణ మంత్రి. 2008 ఫిబ్రవరి 13న కొత్త ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో ఆ క్షమాపణ చెప్పినప్పుడు ఆయన మంత్రివర్గంలో ఉన్నాడు. బట్టల మీద రాసుకున్న మాట ఎనిమిదేళ్లు తిరక్కుండా ప్రభుత్వం మాట అయింది.

మరుసటేడు అదే చేత్తో దక్షిణ ఆస్ట్రేలియాలో ఫోర్ మైల్ యురేనియం గనికి అనుమతిస్తూ సంతకం పెట్టాడు. యురేనియం అంటే మనకూ తెలుసు. కడప వాళ్లకు తుమ్మలపల్లె తెలుసు, 2019లో నల్లమల కోసం గొంతెత్తినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. అభిమానులు ద్రోహి అన్నారు. అదే ఏడాది క్వీన్స్‌లాండ్‌లో ట్రావెస్టన్ ఆనకట్టను కాదన్నదీ ఆయనే, గానీ ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఆయన శాఖ నడిపిన, ఇళ్ల పైకప్పుల్లో ఇన్సులేషన్ (వేడి, చలి ఆపే పొర) వేయించే పథకంలో నలుగురు కుర్ర పనివాళ్లు చనిపోయారు. 2010లో పథకం ఆపేశారు, ఆయన బాధ్యతలకు కోత పడింది. ఆ నాలుగు చావులను ఏ పాటా మాఫీ చెయ్యదు.

గద్దర్ 2018 దాకా ఓటే వెయ్యలేదు. ఆయన పాటకు సంతకం పెట్టాల్సిన ఫైలేదీ అడ్డం రాలేదు. సినిమావాళ్లు ముఖ్యమంత్రులైతే వాళ్ల పాత డైలాగులు తెచ్చి మనం నిలదియ్యం. గారెట్‌కు ఆ రెండు వెసులుబాట్లూ లేవు. ఆయన సంతకాన్ని జనం ఆయన పాటతోనే కొలిచారు. గని విషయంలో ఆయన తప్పు చేశాడనే నేనంటాను. పార్లమెంటుకు వెళ్లడం తప్పు అని మాత్రం అనను.

2013లో రాజకీయాలు వదిలాడు. బృందం మళ్లీ కలిసింది. 2020లో ఆదివాసీ గాయకులతో కలిసి 'మకరాటా ప్రాజెక్ట్' అనే ఆల్బమ్ చేశారు. 2022లో ఇక్కడే, హోర్డర్న్ పెవిలియన్‌లో చివరి కచేరీ.

2023 అక్టోబరు 14న, ఆదివాసీలకు రాజ్యాంగంలో ఒక గొంతు, అంటే పార్లమెంటుకు సలహా చెప్పే ఒక సంఘం, ఇవ్వాలా వద్దా అని రిఫరెండం. గారెట్ ఇవ్వాలని తిరిగాడు. దేశం వద్దంది. ఆ రోజు మా పక్కవీధి బడిలో పోలింగ్. గేటు దగ్గర సాసేజ్‌లు కాలుస్తున్నారు, ఉల్లిపాయల వాసన. లైన్లో నా ముందు ఒక తెలుగబ్బాయి, కొత్తగా సిటిజన్‌షిప్ వచ్చినట్టుంది. వెనక్కి తిరిగి, "అన్నా, అసలు ఇది దేని గురించి ఓటు?" అన్నాడు. కిన్‌టోర్ దగ్గర్నుంచి మొదలుపెట్టాను. పాపున్యా దాకా వచ్చేసరికి మా వంతు వచ్చేసింది.