కిటికీ పక్క వంకాయ, ఏటి గట్టున కొండ

[దృశ్యం: కిటికీ దగ్గర పీట, తెల్లగుడ్డ మీద ఒక వంకాయ]

అందరికీ నమస్కారమండీ. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. బొమ్మలు వెయ్యడం నేర్చుకోవాలంటే ముందు ఏం కొనాలని చాలామంది అడుగుతున్నారు. సంతకెళ్లి ఒక వంకాయ కొనండి. మా దగ్గర వంకాయ అన్నా ఇస్తారు, ఒడియాలో బైగొణొ అన్నా ఇస్తారు.

దాన్ని ఉత్తరపు కిటికీ దగ్గర పెట్టండి. వేసవి నెలలు పక్కనపెడితే అటునుంచి నేరుగా ఎండ పడదు, వెలుగు నిలకడగా ఉంటుంది. ఇప్పుడు కళ్లు సగం మూసి చూడండి. చిల్లర వివరాలన్నీ పోయి వెలుగూ నీడా మిగులుతాయి.

[దగ్గరి షాట్: వంకాయ పొట్ట, నెమ్మదిగా కిందికి]

పొట్ట మీద కిటికీ మెరుస్తోంది చూశారా, గోరంత తెల్లటి పలక? అక్కడ బ్రష్ పెట్టకండి. వాటర్ కలర్‌లో తెలుపంటే కాగితమే. ఇంకాస్త కిందికి, నీడ వైపు రండి. అంచు దగ్గరే అన్నిటికన్నా నలుపు ఉంటుందనుకుంటాం. కానీ అంచు కొద్దిగా తేటపడింది. తెల్లగుడ్డ వెలుగుని కిందనుంచి పైకి కొడుతోంది. నాకది కనబడ్డానికి మూడు వారాలు పట్టింది. ఆ సన్నటి తేట వదిలిన రోజున వంకాయ కాగితం మీంచి గుండ్రంగా లేచింది, ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది. తొడిమ తేలికేనండీ, భయపడకండి.

ఇలా వంకాయ, ఇత్తడి చెంబు, నాలుగు చింతకాయలు కొన్నాళ్లు వేశాక బయటికి.

[దృశ్యం: మహేంద్రతనయ ఏటి గట్టు, ఉదయం]

ఇక్కడ వెలుగు మన మాట వినదు. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు జరిగిపోతాడు. అందుకే కూర్చోగానే పెన్సిల్‌తో నీడల హద్దులు గీసేస్తాను, తర్వాత అవి ఎటు జరిగినా మార్చను. రెండు గంటలవగానే సర్దేస్తాను. మిగిలింది రేపు ఇదే వేళకి.

ఇక కొండలు. చెట్లున్న కొండ పచ్చగానే ఉంటుందని ఏళ్ల తరబడి పచ్చరంగే పులిమాను. వరుసలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయేవి. మనకీ కొండకీ మధ్య గాలి ఉంది, అది నీలం వెలుగుని ఎక్కువగా చెదరగొడుతుంది. దూరం పెరిగేకొద్దీ కొండ నీలంగా, పలచగా అయిపోతుంది. మహేంద్రగిరి 1501 మీటర్ల ఎత్తయినా సరే, దూరాన్నుంచి చూస్తే మబ్బు చారలా తేలిపోతుంది.

[దగ్గరి షాట్: పళ్లెంలో రంగు కలుపుతున్న చెయ్యి]

అల్ట్రామెరైన్ నీలం, బోలెడు నీళ్లు, బ్రష్ మొనకి అంటినంత ఎరుపు. వెనక వరుసకి ఇంతే. దాని ముందరి కొండకి నీళ్లు తగ్గించి, కొంచెం పసుపు కలపాలి. గట్టు దగ్గరికొచ్చాకే అసలు పచ్చ.

రాజమండ్రి వెళ్తే చిత్రకారులు దామెర్ల రామారావుగారి చిత్రశాలలో కాసేపు నిలబడండి. 1897లో పుట్టి, 28 ఏళ్లు నిండకుండానే వెళ్లిపోయారు. ఆ వయసుకే అంత పని చేశారంటే నాకు గుండె బరువెక్కుతుంది.

మొదటి కొండ ఇంకా తడిగానే ఉంది. ఇప్పుడే రెండోది వేస్తే రంగు దాన్లోకి పాకేస్తుంది. కాగితం మెరుపు పోయేదాకా ఆగుదాం. ఈలోగా అటు చూడండి, ఏటి నీళ్లలో ఆ కొండ తలకిందులుగా ఎలా పడిందో.